తంతి మీద తప్పెట

కణేకల్‌లో ఒక పెళ్ళింట మేము విన్న ఒక్క మాట ఈ ప్రసంగమునకు మూలము. హగరి వైపునుండి వచ్చు ఇసుకగాలికి పందిటి ఆకులు గలగలలాడుచుండెను. మద్దెలవాడు ఇంకను రాలేదు. బెంగుళూరులో చదువుకొనుచున్న కుర్రవాడొకడు గిటారును ఒడిలో పెట్టుకొని పిల్లలను వినోదపరచుచుండెను. పాట నడుమ ఆపి, అరచేతి మడమతో గిటారు పొట్టపై కొట్టెను. వ్రేళ్ళ కొనలతో అంచుచెక్కపై టకటకలాడించెను. పిదప ఎడమచేతితో అడుగు తంతులు రెండింటిని ఒకదానిమీది కొకటి మెలివేసి అదిమి, కుడిచేతితో మీటెను. తంతి పలుకవలసిన చోట పోలీసు కవాతులోని చిన్న డోలు మ్రోగినట్లయినది. పిల్లలు చప్పట్లు కొట్టిరి.

మూల కంబళిపై కూర్చున్న ముసలాయన మాత్రము చప్పట్లు కొట్టలేదు. "ఏమప్పా, తంతిమీద తప్పెట కొడ్తాండావే! మా జేజినాయన జమిడికలో ఇదే కదప్పా వాయిస్తాండె" అనెను. కుర్రవాడు, "జమిడికంటే ఏంది తాతా?" అని అడిగెను.

ఆ కుర్రవానిని తప్పుపట్టుటకు మాకు నోరు రాలేదు. అతడు నేర్చినది చేతిఫోనులో చూచి నేర్చినది. కాని ఆ విద్య చేతిఫోనుకంటె చాల పాతది. స్పెయిన్ దేశపు ఫ్లమెంకో వాద్యకులు గిటారు పైచెక్కను గోటితో, వ్రేలితో కొట్టుటను 'గోల్పే' అందురు. దెబ్బ అని అర్థము. ఆ దెబ్బలకు చెక్క గీరుకొనిపోకుండ పైన పలుచని పలక యొకటి అతికింతురు. తంతులు ఆనుకొనియుండు చెక్కకు దగ్గరగా బొటనవ్రేలి పక్కతో అన్ని తంతులను ఒక్కమారు తట్టుటను 'తంబోరా' అందురు, అనగా డోలు. కుర్రవాడు చేసిన మెలిక కూడ అక్కడిదే. ఫ్రాన్సిస్కో తారెగా (1852–1909) అను స్పానిష్ విద్వాంసుడు తన 'గ్రాన్ హోతా' అను రచనలో ఐదవ, ఆరవ తంతులను ఒకదానిమీది కొకటి దాటించి సైనికుల చిన్న డోలును పలికించెను. అమెరికాలో మైకేల్ హెడ్జెస్ (1953–1997) 1984లో వెలువరించిన 'ఏరియల్ బౌండరీస్' అను రికార్డు తరువాత, ఒక్క గిటారుతోనే పాట, తాళము, మద్దెల అన్నియు వాయించు యువకులు లోకమంతట బయలుదేరిరి. కణేకల్ పందిటికి వచ్చిన కెరటము అదియే.

మెలివేసిన తంతి డోలువలె ఏల మ్రోగవలెను? బిగించిన తంతిని మీటినపుడు అది ఒక్క స్వరమునే పలుకదు. ఆ స్వరమునకు రెండింతలు, మూడింతలు, నాలుగింతలు వేగముగల ఉపస్వరములు కూడ వరుసగా పుట్టును. లెక్క కుదిరిన వరుస గనుక చెవి దానిని శ్రుతి యని గుర్తించును. వట్టి చర్మమును గుండ్రని చట్రముపై బిగించి కొట్టినచో ఆ లెక్క కుదరదు. మొదటి కదలిక ఒకటి అనుకొన్నచో తరువాతివి 1.59, 2.14, 2.30 ఇంతలుగా నుండును. చెవికి మ్రోత వినబడును గాని స్వరము చిక్కదు. రెండు తంతులు ఒకదానినొకటి ఒరసికొన్నపుడు తంతి లెక్క చెడిపోయి చర్మపు లెక్కకు దగ్గరగును. ఇంతియే రహస్యము.

దీనికి తలక్రిందులైన విద్యను మన మృదంగమును చేయువారు ఎన్ని తరములకు ముందో సాధించిరి. కుడి ముఖము నడుమ నల్లని కరణిని పొరలు పొరలుగా పూసి, ఎండబెట్టి, రాతితో నూరి, చర్మము చేత తంతి లెక్కను చెప్పించిరి. విశాఖపట్టణములో బాల్యము గడపిన సర్ సి. వి. రామన్, శివకాళీకుమార్‌తో కలిసి 1920లో 'నేచర్' పత్రికలో ఈ సంగతిని లోకమునకు వెల్లడించెను. 1934లో దానినే మరింత విపులముగా వ్రాసెను. మృదంగము స్వరము పలుకు చర్మము. మరి తప్పెట పలుకు తంతి మన దేశములో లేదా?

ఉన్నది. కొయ్యతోనో ఇత్తడితోనో చేసిన కుంచము వంటి తొట్టి. ఒకవైపు చర్మము మూత, రెండవవైపు ఖాళీ. చర్మము నడుమ చిన్న రంధ్రము చేసి, నరపు తంతిని దూర్చి ముడివేసి, తొట్టి లోపలినుండి బయటికి లాగి, దాని కొనకు ఒక పిడి కట్టుదురు. తొట్టిని చంకనో మోకాలి సందుననో ఇరికించుకొని, ఒక చేతితో పిడిని లాగుచు, రెండవ చేతితో తంతిని మీటుదురు. పిడి బిగించినచో ధ్వని పైకి లేచును, సడలించినచో క్రిందికి జారును. కన్ను మూసికొని వినువారికి అది లోతైన డోలుదెబ్బ, మనిషి గొంతువలె మూలుగు డోలుదెబ్బ. తెలంగాణములో బవనీలు, బైండ్లవారు దీనిని జమిడిక అందురు. ఎల్లమ్మ కథను దీనితోనే చెప్పుదురు. శ్రీకాకుళము, విజయనగరము సీమలలో దీని సోదరి జముకు. జముకుల కథ అను పేరే దానివలన వచ్చినది. కన్నడదేశమున సవదత్తి ఎల్లమ్మ జోగతుల చేతిలో ఇది చౌడికె యగును.

బవనీల కథాగానము కొత్తది కాదు. సుమారు 15వ శతాబ్ది నాటి క్రీడాభిరామములో ఓరుగల్లు వీథులలో తిరుగువారికి ఏకవీరాదేవి ఎదుట నిలిచి పరశురాముని కథలు పాడు బవనీల చక్రవర్తి కనబడును. కవి అతని గొంతును మాత్రమే గాక వాద్యపు నేర్పును కూడ మెచ్చుకొనెను. చక్రవర్తి అనుట పరిహాసమో గౌరవమో పండితులు తేల్చుకొందురు గాక! మాకు అది గౌరవముగానే తోచుచున్నది.

శాస్త్రము మాత్రము ఇంత మెచ్చుకొనలేదు. నాట్యశాస్త్రము 28వ అధ్యాయము మొదలుకొని మనవారు వాద్యములను నాలుగు తెగలుగా చెప్పుదురు: తంతులు గలది తతము, ఊదునది సుషిరము, తోలు మూసినది అవనద్ధము, లోహముతో చేసినది ఘనము. జమిడికకు తోలు కలదు, తంతియు కలదు. దానిని ఏ గదిలో కూర్చుండబెట్టుదురు? 1914లో హార్న్‌బోస్టెల్, జాక్స్ అను ఇరువురు పండితులు ప్రపంచపు వాద్యములన్నింటికి పట్టిక వ్రాసినపుడు ఈ చిక్కు వారికిని ఎదురైనది. తంతి కదలికను చర్మము అందుకొని మ్రోగుచున్నదని తలచి, 'మీటెడి డోళ్ళు' అను పేరుతో దీనిని చర్మవాద్యములలో చేర్చిరి. తరువాతి పరిశోధకులు కొందరు దీనికి ఒప్పుకొనలేదు. స్వరము తంతి బిగింపును బట్టి మారుచున్నది గదా, చర్మము వీణకుండవలె ధ్వనిని పెంచుచున్నదంతే, కనుక ఇది తంత్రివాద్యమే అని వాదించిరి. మాకు రెండవ వాదమే సరియని తోచును. కాని ఆ వాదము గెలిచినంత మాత్రమున జమిడిక పట్టిన చేతికి వీణ పట్టిన చేతికున్న మర్యాద దక్కినదా?

కణేకల్ ఈ కథకు తగిన చోటు. ఇది ఒకప్పటి రాయదుర్గము తాలూకా గ్రామము. 1953 అక్టోబరు 1వ తేదీ వరకు బళ్ళారి జిల్లాలోనిది. ఆనాడు ఆంధ్రరాష్ట్రము ఏర్పడినపుడు ఆదవాని, ఆలూరు తాలూకాలతో పాటు రాయదుర్గము తెలుగువారి భాగమునకు వచ్చెను. సరిహద్దు గీత భూమిని పంచినది గాని చెవిని పంచలేదు. ఇక్కడివారికి జమిడికయు చౌడికెయు ఒక్క ఇంటి పేర్లే.

అనంతపురము జిల్లాకు తనదైన మరియొక వింత కూడ ఉన్నది. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానకు మించి ఎరుగని ఈ మెట్టనేలలో ఉరుములు అను వాద్యనృత్యము పుట్టినది. గ్రామదేవతల జాతరలలో మాలలు దీనిని ఆడుదురు. ఉరుము రెండు ముఖముల చర్మవాద్యము. ఒక ముఖమును కొట్టుదురు; రెండవదానిని వంపుపుల్లతో రాయుదురు. ఫిడేలు తంతిపై కమాను రాచినట్లు, చర్మముపై పుల్ల రాచును. అపుడు వెలువడు గుర్రుమను ధ్వని మబ్బులోని ఉరుమే. చర్మమును తంతివలె రాయువారు ఇక్కడ, తంతిని చర్మమువలె మ్రోయించువారు అక్కడ!

పెద్ద సభల వాద్యములలోను ఈ గుణము కొంత ఉన్నది. వీణకు పాట పలుకు నాలుగు తంతులు గాక పక్కన మూడు తాళపు తంతులుండును. వైణికుడు చిటికెనవ్రేలితో వానిని మీటి తాళము నిలుపును. బుర్రకథకుని భుజముమీది తంబుర శ్రుతికి ఎంతయో నడకకును అంతయే. దక్షిణదేశమున గెత్తువాద్యమనునది కలదు. తంబురవంటి దానిని అడ్డముగా పెట్టి, తంతులను పుల్లలతో కొట్టి, మృదంగము చేయు పనిని దానిచేత చేయింతురు. ఇపుడు దానిని వాయించువారు మిక్కిలి అరుదు.

ఇచట మా తప్పు ఒకటి చెప్పుకొనవలెను. కొన్నియేండ్ల క్రిందట ఒక జమిడిక కథను ధ్వనిముద్రణ చేయించితిమి. కళాకారుని కాగితములో వాద్యము పేరుకు ఎదురుగా రెండు గళ్ళుండెను: తంత్రివాద్యము, తాళవాద్యము. ఏది వ్రాయుటయో తెలియక మేము అంచున 'ఇతరములు' అని వ్రాసితిమి. ప్రకటనలో కథకుని పేరు వచ్చినది; జమిడిక వాయించిన అతని తమ్ముని పేరు 'వాద్య సహకారము' అను మాటలో మునిగిపోయినది. కథ ముగిసిన పిమ్మట అతడు మమ్ము అడిగినది పేరునుగూర్చి కాదు. "అయ్యా, నా జమిడిక రేడియోలో వినపడతాదా?" అని అడిగెను. వినబడునని చెప్పితిమి. అదియు సగమే నిజము. మైకును తంతివద్ద పెట్టినచో టింగుమను మీటు మాత్రమే వచ్చినది. చర్మము క్రింద పెట్టినచో గుమ్మనునది వచ్చినది గాని తంతి జారుడు మసకబారినది. రెండు మైకులు పెట్టి కలిపిన తరువాతనే అది జమిడిక యైనది. అయినను ఇండ్లలోని చిన్న రేడియోలలో అరచేయి వెడల్పు స్పీకరు అంత లోతైన ధ్వనిని పలికింపజాలదు. ఆ రాత్రి విన్నవారిలో చాలమంది తంతిని విని యుందురు, డోలును విని యుండరు. గిటారు చెక్కపై వేసిన దెబ్బకు ఈ కష్టము లేదు. అది ఎంత చిన్న స్పీకరులోనైనను టక్కున పలుకును.

మరల కణేకల్ పందిటికి వత్తము. జమిడికంటే ఏమని కుర్రవాడు అడిగినపుడు ముసలాయన వర్ణించి చెప్పలేదు. తమ ఇంటి జమిడిక చర్మము చీలి ఎన్నడో అటకెక్కినదట. గిటారును దగ్గరకు రమ్మని చేయి ఊపి, అన్నింటికంటె లావుపాటి తంతిని చూపి, దాని బిరడను పట్టుకొమ్మనెను. "మీటు. ఆ, ఇప్పుడు సడలించు. బిగించు. మళ్ళా సడలించప్పా, నిదానంగా" అనెను. కుర్రవాడు ఒక చేతితో మీటుచు, రెండవ చేతితో బిరడను త్రిప్పెను. ధ్వని దూ...మ్మని నేలలోనికి దిగి, మరల పైకి లేచినది. గిటారు గొంతు కాదది. పందిటిలో మాటలాడుచున్నవారు కొందరు తలలు త్రిప్పి చూచిరి. ముసలాయన కన్నులు మూసికొని, ఎల్లమ్మ కథలోనిదో మరి దేనిలోనిదో, పెదవి కదలీకదలక ఏదో అనుకొనుచుండెను.

కుర్రవాడు నాలుగైదు మారులు అట్లే చేసెను. ఇంతలో మద్దెలవాడు వచ్చెను. శ్రుతి చెడిన ఆ తంతిని సరిచేసికొనుటకు కుర్రవానికి చాలసేపు పట్టినది.