వాతావరణ విద్యుత్ వాహకత: గ్రేటర్ నోయిడా

భూమికీ అయనోవరణానికీ మధ్య దాదాపు 250 కిలోవోల్టుల తేడా ఉంటుంది. లోకమంతటి ఉరుముల మేఘాలు నిలబెట్టే ఈ తేడా వల్ల, నిర్మలాకాశం కింద చదరపు మీటరుకు సుమారు 2 పికోఆంపియర్ల కరెంటు నేలకు దిగుతుంది. ఈ ప్రపంచ విద్యుత్ వలయాన్ని 1920లలో సి.టి.ఆర్. విల్సన్ ప్రతిపాదించాడు.

గాలిలో కరెంటును మోసేవి చిన్న అయాన్లు. కాస్మిక్ కిరణాలు, నేలలోని రేడాన్ వాటిని పుట్టిస్తాయి. గ్రేటర్ నోయిడాలో చలికాలపు పొగమంచు, నిర్మాణాల దుమ్ము, వాహనాల పొగ కలిసినప్పుడు ఆ అయాన్లు రేణువులకు అతుక్కుని, బరువెక్కి, దాదాపు కదలలేవు. వాహకత పడిపోతుంది. పైనుంచి దిగే కరెంటు అంతగా తగ్గదు కనుక, ఓమ్ సూత్రం ప్రకారం నేల దగ్గరి విద్యుత్ క్షేత్రం (మామూలుగా మీటరుకు 100 వోల్టుల పైచిలుకు) ఇంకా పెరుగుతుంది. ఒక్క ఊరి పొగ ప్రపంచ వలయాన్ని కదిలించలేదు; అక్కడి కొలతను మాత్రం తప్పుదారి పట్టిస్తుంది. అందుకే కాలుష్యానికి దూరంగా, సముద్రంమీద కార్నెగీ నౌక నమోదు చేసిన విద్యుత్ క్షేత్రపు రోజువారీ వక్రరేఖే ఇప్పటికీ ప్రామాణికం. దాని గరిష్ఠం గ్రీనిచ్ కాలమానంలో సుమారు 19 గంటలకు, అంటే మనకు అర్ధరాత్రి దాటాక 12.30కి.