తిన్నది ఒంటికి పట్టే లెక్క

ఇటలీలోని పాదువా విశ్వవిద్యాలయంలో వైద్యం బోధించిన సాంతోరియో సాంతోరియో దగ్గర ఒక వింత కుర్చీ ఉండేది. పెద్ద కాటా దూలానికి ఒక కొసన వేలాడే కుర్చీ అది. ఆయన అందులో కూర్చునే భోంచేసేవాడు. తినక ముందు తన బరువెంతో, తిన్నాక ఎంతో, పడుకోబోయే ముందు ఎంతో, లేచాక ఎంతో రాసుకునేవాడు. తినే పదార్థాన్నీ తూచేవాడు, విసర్జించినదాన్నీ తూచేవాడు. ఈ పని సుమారు 30 ఏళ్లు సాగింది. 1614లో వెలువడిన పుస్తకంలో ఆయన తేల్చి చెప్పింది ఇది: రోజుకు 8 పౌండ్ల అన్నపానీయాలు లోపలికి వెళ్తే, అందులో 5 పౌండ్ల దాకా కంటికి కనిపించకుండా పోతోంది. అది మలమూత్రాల లెక్కలోకి రాదు, ఒంటి బరువులోనూ కలవదు. చర్మం నుంచి, ఊపిరి నుంచి మనకు తెలియకుండానే బయటికి పోయే చెమట అని ఆయన దానికి పేరు పెట్టాడు.

నాడి పట్టుకుని, మూత్రం రంగు చూసి రోగం చెప్పే కాలంలో ఒక వైద్యుడు తన శరీరాన్నే తూకానికి పెట్టి, ఈ లెక్క తేలడం లేదని లోకానికి చెప్పాడు. నా దృష్టిలో పోషకాహార శాస్త్రానికి పునాది పడింది అక్కడే.

లెక్క తేలే దారి దొరకడానికి మరో 170 ఏళ్లు పట్టింది. 1782-83 చలికాలంలో పారిస్‌లో రసాయనవేత్త ఆంత్వాన్ లావోయిజే, గణితవేత్త లాప్లాస్ కలిసి ఒక పాత్ర చేయించారు. మధ్యలో గినీ పిగ్‌ను ఉంచి, చుట్టూ మంచుగడ్డలు నింపారు. ఆ చిన్న ప్రాణి ఒంటివేడికి కరిగిన మంచు నీళ్లై కిందికి దిగుతుంది. ఆ నీళ్లను తూస్తే వేడి ఎంతో తెలుస్తుంది. అది విడిచే బొగ్గుపులుసు వాయువును కూడా కొలిచారు. అంతే వాయువు వచ్చేలా బొగ్గును కాలిస్తే ఎంత మంచు కరుగుతుందో చూశారు. రెండు అంకెలూ అచ్చంగా కలవకపోయినా దగ్గరగానే వచ్చాయి. ఊపిరి తీయడమంటే లోపల నెమ్మదిగా సాగే దహనమేనని లావోయిజే నిర్ధారణకు వచ్చాడు.

తర్వాత మనుషుల మీద ప్రయోగాలు. సహాయకుడు ఆర్మాన్ సెగ్వాన్ ముఖానికి తొడుగు బిగించుకుని కూర్చునేవాడు. ఊరికే కూర్చున్నప్పుడు, భోంచేశాక, కాలితో బరువు తొక్కుతున్నప్పుడు అతను ఎంత ప్రాణవాయువు వాడుకుంటున్నాడో లెక్కగట్టారు. చలిలో వాడకం పెరిగింది, తిన్నాక పెరిగింది, పని చేస్తుంటే రెండు రెట్లకు పైగా పెరిగింది. ఈ ప్రయోగాలను లావోయిజే భార్య మరీ-ఆన్ బొమ్మలుగా గీసింది. ఆ బొమ్మల్లో ఒక బల్ల ముందు కూర్చుని అంకెలు రాసుకుంటున్న స్త్రీ ఆమే.

ఈ ఫలితాలు చూశాక లావోయిజే రాసిన ఒక మాట నన్ను ఎప్పుడూ ఆలోచనలో పడేస్తుంది. ఊపిరి అంటే గాలి పీల్చుకోవడమే అనుకున్నంత కాలం ధనికుడూ పేదవాడూ సమానమే అనిపించింది, గాలి అందరిదీ కాబట్టి. కానీ శ్రమించేవాడు ఒంట్లోని పదార్థాన్ని ఎక్కువ ఖర్చు చేస్తున్నాడని తేలింది. మరి ఎక్కువ తిండి అవసరమైనవాడికే తక్కువ తిండి దొరకడం ఏమిటని ఆయన అడిగాడు. ఫ్రెంచి విప్లవం మొదలైన 1789 నాటి మాట ఇది. 1794లో అదే విప్లవం ఆయన తల తీసింది. ఆయన అడిగిన ప్రశ్నకు ఇప్పుడు మన దగ్గర అంకెలున్నాయి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సుల ప్రకారం 65 కిలోల మగవాడు కూర్చుని చేసే పనిలో ఉంటే రోజుకు 2,110 కేలరీలు చాలు. ఒళ్లు వంచి బరువు పని చేస్తే 3,470 కావాలి. 55 కిలోల స్త్రీకి ఆ అంకెలు 1,660, 2,720. బండరాళ్లు మోసే మనిషికి, పొలంలో రోజంతా వంగి పనిచేసే ఆడకూలీకి, ఆఫీసు కుర్చీలో కూర్చునేవాళ్లకన్నా సగానికి పైగా ఎక్కువ తిండి పడాలన్నమాట. మన ఊళ్లలో ఎవరి కంచంలో ఎంత పడుతోందో వేరే చెప్పనక్కర్లేదు.

సాంతోరియో లెక్కకు అందని బరువు కొంత నీటి ఆవిరి, కొంత బొగ్గుపులుసు వాయువు. లావు తగ్గితే ఆ కొవ్వంతా ఎటు పోతుందని అడిగితే చెమటగా కారిపోతుందని, వేడిగా మారిపోతుందని చాలామంది అంటారు. 2014లో ఇద్దరు ఆస్ట్రేలియా పరిశోధకులు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఈ లెక్క కట్టి చూపించారు. 10 కిలోల కొవ్వు పూర్తిగా ఖర్చయితే 8.4 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా ముక్కులోంచి వెళ్లిపోతుంది, మిగిలిన 1.6 కిలోలు నీరవుతుంది. అలాగని గట్టిగా ఊపిరి తీస్తే సన్నబడరు. ఒళ్లు ఎంత ఇంధనం ఖర్చు చేస్తే అంత వాయువే బయటికి వస్తుంది.

ఏ పదార్థం ఎంత శక్తి ఇస్తుందో మనిషి మీదే తేల్చినవాడు అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయానికి చెందిన విల్బర్ ఆట్వాటర్. జర్మనీలో మ్యూనిక్‌లో కార్ల్ వాయిట్ దగ్గర ఈ విద్య నేర్చుకుని వచ్చాడు. భౌతికశాస్త్రవేత్త ఎడ్వర్డ్ రోజాతో కలిసి 1890లలో ఒక గది కట్టించాడు. సుమారు 7 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు. లోపలి వేడి బయటికి పోకుండా, బయటి వేడి లోపలికి రాకుండా ఒకదాని లోపల ఒకటిగా గోడలు. మంచం, బల్ల, కుర్చీ. వేడిని మోసుకుపోవడానికి చల్లని నీటి గొట్టాలు. చిన్న కిటికీ గుండా భోజనం లోపలికి, విసర్జన బయటికి. అందులో మనిషి రోజుల తరబడి ఉండేవాడు. కొన్నిసార్లు కదలకుండా పడుకునేవాడు, కొన్నిసార్లు కదలని సైకిలు తొక్కేవాడు. తిండిలోంచి ఒంటికి దక్కిన శక్తి, ఒంట్లోంచి వెలువడిన శక్తి ఇంచుమించు ఒక్కటేనని తేలింది. తేడా నూటికి ఒకటి కూడా లేదు. గ్రాము పిండిపదార్థానికి 4 కేలరీలు, మాంసకృత్తులకు 4, కొవ్వుకు 9 అని ఇవాళ బిస్కెట్ పొట్లం వెనక అచ్చయ్యే లెక్కకు మూలం ఆయన పనే.

అయితే విటమిన్లు ఇంకా ఎవరికీ తెలియని కాలం అది. తక్కువ డబ్బుకు ఎక్కువ కేలరీలు కొనుక్కోవాలని ఆట్వాటర్ కూలీలకు సలహా ఇచ్చేవాడు. ఆ కొలతతో చూస్తే ఆకుకూరలూ పండ్లూ దండగ ఖర్చుగా కనిపించాయి. కేలరీ ఒక్కటే చూస్తే ఎంత తప్పుదారి పట్టవచ్చో మొదట చూపింది కేలరీ లెక్క కట్టిన మనిషే.

తిండిలోని శక్తి కండలో కదలికగా ఎలా మారుతుందన్నది ఇంకా మిగిలే ఉంది. ఆ చిక్కు విప్పడంలో భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు చెయ్యి ఉంది. ఆయన సోదరులిద్దరిని స్ప్రూ అనే జబ్బు తీసుకుపోయింది. ఎంత తిన్నా పేగుల్లోంచి ఒంటికి పట్టక మనిషి క్షీణించే జబ్బు అది. తానూ దాని బారిన పడి బతికి బయటపడ్డాడు. తర్వాత బోస్టన్ చేరి, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ ప్రయోగశాలలో పనికి కుదిరాడు. రక్తంలో, కండలో భాస్వరం ఎంతుందో నీలిరంగు చిక్కదనాన్ని బట్టి కొలిచే పద్ధతిని ఇద్దరూ 1925లో ప్రకటించారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అని జీవరసాయన విద్యార్థులు ఇప్పటికీ నేర్చుకునేది అదే. ఆ కొలతతోనే 1927లో కండలోని ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది. కండ పనిచేస్తే అది విడిపోతుంది, విశ్రమిస్తే మళ్లీ కూడుతుంది. 1929లో, కణాలు నేరుగా వాడుకునే శక్తి రూపమైన ఏటీపీ దొరికింది. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనుక్కున్నాడు.

బీరువాలో నోట్లకట్ట ఉన్నా సిటీబస్సులో టికెట్టుకు చిల్లరే కావాలి. ఒంట్లోని కొవ్వు ఆ కట్ట, ఏటీపీ ఆ చిల్లర. ఒక్కో క్షణంలో ఒంట్లో ఉండే ఏటీపీ చాలా కొద్ది. కానీ విడిపోతూ మళ్లీ తయారవుతూ, ఒక్క రోజులో చేతులు మారే మొత్తం దాదాపు మన బరువంత ఉంటుందని అంచనా. గుండె కొట్టుకోవడానికీ, మూత్రపిండాలు వడకట్టడానికీ, మెదడు ఆలోచించడానికీ అదే కావాలి. ఒంటి బరువులో 2 శాతమే ఉండే మెదడు, మనం ఊరికే కూర్చున్నప్పుడు ఖర్చయ్యే శక్తిలో అయిదో వంతు తీసుకుంటుంది. తర్వాత లెడర్లీ మందుల సంస్థలో సుబ్బారావు నడిపించిన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. తన అన్నదమ్ములను బలిగొన్న స్ప్రూ చికిత్సలో అది అక్కరకొచ్చింది.

ఇంతవరకూ వచ్చిన లెక్క ఒప్పే. ఆ లెక్కను పట్టుకుని, తక్కువ తిని ఎక్కువ కదిలితే చాలు, అది చేతకానివాడిది బద్ధకం అనే తీర్పు మాత్రం తప్పు. ఆ తీర్పు ఎందుకు నిలవదో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 36 మంది యువకులు తమ ఒంటి మీద అనుభవించి చూపించారు.

1944. రెండో ప్రపంచ యుద్ధంలో ఐరోపా పస్తులుంటోంది. ఇటు బెంగాల్ కరువు ముందు ఏడాదే లక్షల ప్రాణాలు తీసింది. మాడిన కడుపులకు తిరిగి ఎలా పెట్టాలో శాస్త్రానికి సరిగా తెలియదు. ఆయుధం పట్టబోమని మనస్సాక్షి సాక్షిగా నిరాకరించిన అమెరికన్ యువకులు కొందరు, వేరే విధంగా సేవ చేస్తామంటూ ముందుకొచ్చారు. ఈ ప్రయోగం నడిపిన యాన్సెల్ కీస్ ప్రయోగశాల ఫుట్‌బాల్ స్టేడియం కింద ఉండేది. అక్కడ 12 వారాలు వాళ్లకు రోజుకు 3,200 కేలరీల చొప్పున పెట్టి చూశారు. 1945 ఫిబ్రవరి నుంచి 24 వారాలు దాన్ని సగానికి, సుమారు 1,570కి తగ్గించారు. బంగాళాదుంపలు, ముల్లంగి జాతి దుంపలు, రొట్టె, మాకరోనీ. రోజుకు రెండు పూటలే. వారానికి 35 కిలోమీటర్లు నడవాలి.

ఒంటి బరువు దాదాపు నాలుగో వంతు పోయింది. అంతకన్నా ముఖ్యమైన మార్పులు పైకి కనబడనివి. విశ్రాంతిలో ఒళ్లు ఖర్చుచేసే శక్తి దాదాపు 40 శాతం పడిపోయింది. ఒళ్లు చిన్నదవడం వల్ల కొంత తగ్గితే, మిగిలిన కణజాలం కూడా పొదుపు పాటించడంతో ఇంకొంత తగ్గింది. గుండె నెమ్మదించింది. ఎండాకాలంలోనూ చలి వేసింది. మెట్లెక్కడం భారమైంది. చివరి వారాలకు వచ్చేసరికి అదే 1,570 కేలరీలతో బరువు తగ్గడం ఇంచుమించు ఆగిపోయింది, ఒళ్లు ఆ కొద్దిపాటి రాబడికి సరిపడా ఖర్చు కుదించుకుంది కాబట్టి. మనసూ మారింది. పగలు తిండి మాటలు, రాత్రి తిండి కలలు. వంట పుస్తకాలు పోగుచేసుకుని చదివేవారు. కంచాలు నాకేవారు. స్నేహాల మీద, చదువు మీద ఆసక్తి పోయింది. వీళ్లు పట్టుదల లేనివాళ్లు కారు. యుద్ధాన్నే కాదన్నవాళ్లు. ఆకలి ముందు పట్టుదల ఏ పాటిదో వాళ్ల డైరీలే సాక్ష్యం.

తిరిగి పెట్టడం మొదలయ్యాక ఇంకో సంగతి బయటపడింది. కొద్దిగా పెంచితే చాలలేదు. రోజుకు 4,000 కేలరీల దాకా అవసరమని కీస్ తేల్చాడు. తిరిగి వచ్చిన బరువులో ముందు కొవ్వు చేరింది, కండ వెనకబడింది. కడుపు పగిలేలా తిన్నా ఆకలి తీరలేదు. కొవ్వు మునుపటి స్థాయిని దాటిపోయినా, కండ పూర్తిగా కోలుకునేదాకా ఆకలి వెంటాడిందని తర్వాతి విశ్లేషణలు చెబుతున్నాయి. కరువును దాటిన శరీరం మరో కరువుకు సిద్ధపడుతుంది. ఈ ఫలితాలు 1950లో రెండు సంపుటాలుగా అచ్చయ్యాయి. సహాయక బృందాల కోసం ఒక చిన్న పుస్తకం 1946లోనే వెళ్లింది. ప్రయోగం సాగిన కాలంలోనే మన దగ్గర బెంగాల్ కరువు విచారణ సంఘంలో సభ్యుడిగా ఉన్న వాలస్ ఐక్రాయిడ్, కూనూరులోని పోషకాహార పరిశోధనశాలకు సంచాలకుడు. 1958లో కూనూరు నుంచి హైదరాబాద్‌కు తరలివచ్చిన ఆ సంస్థే నేటి జాతీయ పోషకాహార సంస్థ.

ఒళ్లు తన బరువును ఎలా పసిగడుతుంది? 1949లో అమెరికాలోని జాక్సన్ ప్రయోగశాలలో తిండి ఆపుకోలేక విపరీతంగా లావెక్కిన ఎలుకలు పుట్టాయి. వాటిలో చెడిన జన్యువును 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం పట్టుకుంది. కొవ్వు కణాలే ఒక హార్మోన్‌ను విడుదల చేసి, నిల్వ ఎంతుందో మెదడుకు తెలియజేస్తాయి. దాని పేరు లెప్టిన్. కొవ్వు తగ్గితే లెప్టిన్ పడిపోతుంది, మెదడు ఆకలి పెంచి ఖర్చు తగ్గిస్తుంది. లెప్టిన్ సూదిమందుతో లోకమంతా సన్నబడుతుందన్న ఆశ నిలవలేదు. లావుగా ఉన్నవాళ్లలో చాలామందికి అది ముందే ఎక్కువగా ఉంది. జన్యులోపం వల్ల లెప్టిన్ బొత్తిగా లేని అరుదైన పిల్లలకు మాత్రం అది ప్రాణం పోసింది.

2016లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో కెవిన్ హాల్ బృందం ఒక టీవీ బరువు తగ్గే పోటీలో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షించింది. పోటీలో వాళ్లు సగటున 58 కిలోలు తగ్గారు. ఆరేళ్లలో 41 కిలోలు తిరిగి వచ్చాయి. అయినా వాళ్ల ఒళ్లు విశ్రాంతిలో, ఆ పరిమాణానికి ఉండాల్సినదానికన్నా రోజుకు సుమారు 500 కేలరీలు తక్కువగానే ఖర్చు చేస్తోంది. తగ్గిన బరువు మళ్లీ వచ్చిందని మనం నిందించే బంధువునో స్నేహితురాలినో ఈ అంకెతో పాటు చూడాలి. నిదానంగా తగ్గమని, కండ కరగకుండా మాంసకృత్తులు తింటూ బరువులెత్తే వ్యాయామం చేయమని వైద్యులు చెప్పడం వెనక ఇలాంటి పరిశోధనలున్నాయి.

ముప్పై దాటగానే ఒంట్లో వేడి చల్లారి పొట్ట వస్తుందన్న నమ్మకాన్ని 2021లో మరో అధ్యయనం కదిలించింది. బరువైన హైడ్రోజన్, బరువైన ఆక్సిజన్ కలిపిన నీళ్లు తాగించి, తర్వాతి రోజుల్లో మూత్రం పరీక్షిస్తే ఆ మనిషి తన మామూలు జీవితంలో ఎంత శక్తి ఖర్చు చేశాడో తెలుస్తుంది. ఈ పద్ధతిని 1955లో ప్రకటించిన నేథన్ లిఫ్సన్ కూడా మిన్నెసోటావాడే. ఖరీదు వల్ల మనుషుల దాకా రావడానికి 1980లు పట్టింది. హర్మన్ పాంట్జర్, సహచరులు 29 దేశాల్లోని 6,400 మందికి పైగా మనుషుల అంకెలు కూర్చారు. వాళ్లలో ఎనిమిది రోజుల పసికందు నుంచి 95 ఏళ్ల వృద్ధుల దాకా ఉన్నారు. ఒంటి పరిమాణంతో పోల్చి చూస్తే 20 నుంచి 60 ఏళ్ల దాకా ఖర్చు మారనే లేదు. 60 దాటాకే ఏటా సుమారు 0.7 శాతం చొప్పున తగ్గుతుంది.

అందరికన్నా ఎక్కువ ఖర్చుచేసేది ఏడాది నిండిన బిడ్డ. తన పరిమాణాన్ని బట్టి చూస్తే పెద్దవాళ్లకన్నా 50 శాతం ఎక్కువ. ఆ వయసులో బిడ్డకు తిండి చాలకపోతే ఎదుగుదల దెబ్బతింటుంది.