వెల, విలువ: అమెరికన్ కండల కారు గూర్చి

నిరుడు డిగ్రీ రెండో సంవత్సరం క్లాసులో "వెల"కూ "విలువ"కూ ఉన్న తేడా చెబుతున్నాను. తెలుగువాడు ఈ రెండు మాటలనూ ఒకటిగా చూడలేదు. సంతలో అడిగేది వెల. మాటకూ, మంచినీళ్లకూ, చదువుకూ ఉండేది విలువ. "వెలలేనిది" అంటే ఊరికే దొరికేదని కాదు, వెలకట్టడం ఎవరికీ చేతకానిదని అర్థం. ఇంతవరకూ భాష. అక్కడితో ఆగితే బాగుండేది. ఉత్సాహం కొద్దీ వస్తువు విలువ దానిలో ఇమిడిన మానవశ్రమను బట్టి ఉంటుందని అర్థశాస్త్రంలోకి కూడా కాలుపెట్టాను.

వెనక బెంచీలోంచి ఒక కుర్రవాడు లేచాడు. "మాస్టారూ, 1971లో అమెరికాలో తయారైన ప్లిమత్ హెమీ కుడా అనే కారు 2014లో సియాటిల్ వేలంలో 35 లక్షల డాలర్లకు పోయింది. కొత్తగా ఉన్నప్పుడు దాని ధర 5 వేల డాలర్ల ప్రాంతం. ఈ నలభై మూడేళ్లలో దానిలో ఇమిడిన శ్రమ అన్ని వందల రెట్లు పెరిగిందా? మరి మీ సిద్ధాంతం ఏమయినట్టు?" అన్నాడు.

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. అదృష్టవశాత్తూ గంట కొట్టారు.

కాని ప్రశ్న నన్ను వదల్లేదు. మొదటే ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ కార్లంటే నాకూ ఇష్టమే. ఇంటర్ చదివే రోజుల్లో, 2001లో వచ్చిన ఒక హాలీవుడ్ సినిమాలో 1970 నాటి నల్లటి డాడ్జ్ ఛార్జర్ ముందుచక్రాలు లేపి ఉరకడం చూసి ఈలవేసిన వాళ్లలో నేనొకణ్ణి. కనుక ఇది వ్యామోహం తెలియనివాడు చేస్తున్న విమర్శ కాదు. అమెరికా వాళ్లు వాటిని మజిల్ కార్లంటారు. మనం కండల కార్లు అనుకుందాం. ఆ కండ ఎవరిదన్న సంగతి తర్వాత వస్తుంది.

చరిత్రకారులు ఎక్కువమంది ఈ కథను 1964 నాటి పాంటియాక్ జీటీవోతో మొదలుపెడతారు. అందుకు కారణం ఉంది. 1963 జనవరిలో జనరల్ మోటార్స్ యాజమాన్యం తన విభాగాలన్నిటినీ మోటారు పందేల నుంచి తప్పుకొమ్మని శాసించింది. మధ్యతరహా కార్లలో 330 ఘనపు అంగుళాలకు, అంటే సుమారు 5.4 లీటర్లకు, మించిన ఇంజను పెట్టరాదన్న నియమం కూడా ఉంది. పందేల పేరుతోనే సరుకు అమ్ముకుంటున్న పాంటియాక్ విభాగానికి ఇది పిడుగుపాటు. అక్కడి ముఖ్య ఇంజనీరు జాన్ డిలోరియన్, ఆయన సహచరులు ఒక సందు కనిపెట్టారు. నియమం కారు నమూనాకే గాని, కొనేవాడు అదనంగా కోరుకునే సరంజామాకు వర్తించదు. టెంపెస్ట్ అనే సాధుజంతువులాంటి కారులో పెద్ద కార్లకు వాడే 389 ఘనపు అంగుళాల ఇంజను దించి, దానిని 300 డాలర్ల లోపు వెలకు "అదనపు సరంజామా" అన్నారు. పేరు మాత్రం ఇటలీ ఫెరారీ నుంచి నిస్సంకోచంగా ఎత్తుకొచ్చారు. ఆ మూడక్షరాలకు ఇటాలియన్‌లో పందేలకు ఆమోదం పొందిన బండి అని అర్థం. పాంటియాక్‌కు అటువంటి ఆమోదమేదీ లేదు. 5 వేలు అమ్ముడుపోతే చాలనుకున్నవి మొదటి సంవత్సరమే 32 వేలు దాటాయి. డబ్బు రావడంతో నియమాలు చేసినవాళ్లు మాట్లాడలేదు.

ఇక పనితీరు. 1964 మార్చిలో కార్ అండ్ డ్రైవర్ పత్రిక ఈ జీటీవోను పరీక్షించి, నిలిచినచోటి నుంచి గంటకు 60 మైళ్ల వేగం 4.6 సెకన్లలో అందుకున్నదని రాసింది. అమెరికా కుర్రకారు ఊగిపోయింది. పరీక్షకు పంపిన కారులో ఉన్నది 389 కాదు, దానికంటే పెద్దదైన 421 ఘనపు అంగుళాల ఇంజను అని, పాంటియాక్ ప్రచార వ్యవహారాలు చూసిన జిమ్ వాంగర్స్ తన జ్ఞాపకాల పుస్తకంలో దశాబ్దాల తర్వాత ఒప్పుకున్నాడు. అప్పటికి కొన్నవాళ్లు కొన్నారు, అమ్మినవాళ్లు పింఛను పుచ్చుకున్నారు.

అశ్వశక్తి లెక్కలూ ఇంతే. అసలా కొలమానమే వ్యాపారం కోసం పుట్టింది. 18వ శతాబ్దంలో జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రం ఎన్ని గుర్రాలకు సమానమో చెప్పి అమ్ముకోవడానికి దానిని ప్రచారంలోకి తెచ్చాడు. 1971 దాకా డెట్రాయిట్ వాళ్లు ఇంజనును కారులోంచి బయట పెట్టి, ఫ్యానూ, పొగగొట్టం వంటి భారాలు తీసేసి కొలిచేవారు. 1972 నుంచి కారులో ఉండే తీరుననుసరించి కొలవడం మొదలయింది. 426 ఘనపు అంగుళాల హెమీ ఇంజను పాత లెక్కలో 425 గుర్రాలు. కొత్త లెక్కలో, 1971లో కంపెనీ తానే ప్రకటించిన ప్రకారం, 350. ఒక్క మర కూడా మారకుండా డెబ్బైఅయిదు గుర్రాలు కాగితం మీదనే చచ్చిపోయాయి! అదే కాలంలో దీనికి తలకిందులు కూడా జరిగింది. షెవ్రొలే వాళ్లు 1969లో కమారో కారులో పెట్టిన జెడ్ఎల్1 అనే ఇంజను 500 పైబడిన శక్తి గలదైనా, 430 అని రాశారు. ఎక్కువ రాసేది కొనే కుర్రవాడి కోసం, తక్కువ రాసేది భీమా కంపెనీ కోసం, పందేల నిర్వాహకుల కోసం. శాస్త్రీయమైన కొలత అని మనం నమ్మే అంకె వెనుక కూడా ఇంత బేరం ఉంటుంది.

ఆ వేగాన్ని ఆపే ఏర్పాటు మాత్రం ఎవరూ ప్రకటనల్లో రాయలేదు. 1964 జీటీవోకు నాలుగు చక్రాలకూ ఉన్నవి తొమ్మిదిన్నర అంగుళాల డ్రమ్ము బ్రేకులే. 1965లో రాల్ఫ్ నాడర్ మోటారు కంపెనీల అలక్ష్యాన్ని బయటపెట్టాడు. జనరల్ మోటార్స్ అతని వెనుక గూఢచారులను తిప్పి, పట్టుబడి, 1966 మార్చిలో సెనేట్ సంఘం ముందు క్షమాపణ చెప్పుకుంది. ఆ యేడు అమెరికా రోడ్ల మీద చనిపోయినవారు 50 వేలకు పైబడ్డారు. రక్షణ చట్టం ఆ సెప్టెంబరులో వచ్చింది.

కొనేవాళ్లెవరు? యుద్ధం ముగిశాక పుట్టి అప్పుడే ఇరవైలోకి వస్తున్న కుర్రకారు. కంపెనీలు వారి జేబు కొలతలు బాగానే తీశాయి. 1968 ప్లిమత్ రోడ్ రన్నర్ ఇందుకు మంచి ఉదాహరణ. నేలమీద తివాచీ లేదు, సోకులు లేవు, గట్టి ఇంజను మాత్రం ఉంది. వెల 2,900 డాలర్ల లోపు. పిల్లల బొమ్మల సినిమాలోని పక్షి పేరు, బొమ్మ వాడుకునేందుకు వార్నర్ బ్రదర్స్‌కు 50 వేల డాలర్లు చెల్లించి, ఆ పక్షి కూతను పోలిన హారను బిగించారు. 20 వేలు అనుకున్నవి రెట్టింపుకు మించి అమ్ముడయ్యాయి. దీనిని కేవలం మోసం అనలేను. ఫ్యాక్టరీలో పనిచేసే యువకుడు కూడా తన జీతంతో కొనుక్కోగల వేగం అది. కొంతమంది వామపక్ష మిత్రులు ఈ సంతోషాన్ని పెట్టుబడిదారీ మత్తు అని ఒక్కమాటలో కొట్టిపారేస్తారు. శనివారం సాయంత్రం తన కారుకు తానే యజమాని అయిన వాడు సోమవారం పొద్దున ఎవరికి దాసుడో చూస్తే, ఆ మత్తుకు కారణం తెలుస్తుంది.

సోమవారం పొద్దున డెట్రాయిట్‌ను ఆనుకుని ఉన్న హామ్‌ట్రామిక్‌లో తెల్లవారుతుంది. అక్కడ డాడ్జ్ సోదరులు 1910లో కట్టడం మొదలుపెట్టిన మహా కర్మాగారానికి డాడ్జ్ మెయిన్ అని పేరు. 1937లో పోలిష్ వలస కార్మికులు లోపలే బైఠాయించి సమ్మె చేసి యూనియన్ సాధించుకున్నది అక్కడే. 1960ల నాటికి కొత్తగా చేరేవారిలో నల్లవారు ఎక్కువ. మేస్త్రీలు దాదాపు అందరూ తెల్లవారు. వెల్డింగు, రంగు, బాడీ షాపుల్లో ప్రాణం తోడే పనులు నల్లవారివి. 1967 జూలైలో డెట్రాయిట్ భగ్గుమన్నప్పుడు 43 మంది చనిపోయారు. ఆ మంట చల్లారిన తొమ్మిది నెలలకు, 1968 మే 2న, డాడ్జ్ మెయిన్‌లో యూనియన్ అనుమతి లేకుండా సమ్మె లేచింది. కారణం వేగం. గంటకు 49 కార్లు నడిచే వరసను ఒక్క వారంలో 58కి పెంచారు.

ఈ రెండంకెల దగ్గర పాఠకులు కాసేపు ఆగాలి. గంటకు 49 అంటే ఒక కారుకు 73 సెకన్లు. 58 అంటే 62. ఒక మనిషి చేతికి పదకొండు సెకన్లు తగ్గాయి. కారు క్వార్టర్ మైలు పందెంలో ఒక్క సెకను తగ్గితే పత్రికలు పతాకశీర్షికలు పెట్టాయి. ఈ పదకొండు సెకన్లను ఏ మోటారు పత్రికా పరీక్షించలేదు. మన భాషలో కారుది పనితీరు, మనిషిది పనితనం. మొదటిదాని చరిత్ర రాసిన పుస్తకాలు అలమారాల కొద్దీ ఉన్నాయి.

సమ్మెలో తెల్లవారూ, ముఖ్యంగా పోలిష్ స్త్రీలూ ఉన్నారు. శిక్షలు మాత్రం ఎక్కువగా నల్లవారి మీద పడ్డాయి. జనరల్ బేకర్ అనే కార్మికుణ్ణి శాశ్వతంగా తొలగించారు. (జనరల్ అనేది అతని పేరే, పదవి కాదు.) అతనూ సహచరులూ కలిసి డాడ్జ్ విప్లవ యూనియన్ ఉద్యమాన్ని స్థాపించారు. ఆంగ్ల అక్షరాల పొడిమాటలో దాని పేరు డ్రమ్. మరుసటేడు ఇటువంటి సంఘాలు కలిసి విప్లవ నల్లజాతి కార్మికుల లీగ్ అయ్యాయి. వారు కంపెనీతోనే కాదు, తమను పట్టించుకోని యూనియన్ నాయకత్వంతో కూడా పోరాడారు. ఈ రెండో పోరాటం గూర్చి మన పత్రికల్లో తక్కువగా రాస్తాం. ఎందుకో మనకు తెలుసు.

1970 కండల కార్లకు శిఖరం లాంటి సంవత్సరమని అభిమానులు చెబుతారు. ఆ యేడు మే నెలలో, క్రైస్లర్ కార్లకు ఇరుసులు తయారుచేసే ఎల్డన్ అవెన్యూ ఫ్యాక్టరీలో, వియత్నాం నుంచి ప్రాణాలతో తిరిగివచ్చిన 22 ఏళ్ల కార్మికుడు చెడిపోయిన సరుకుల బండి వల్ల చనిపోయాడు. జూలైలో అదే ఫ్యాక్టరీలో సస్పెండైన జేమ్స్ జాన్సన్ అదేరోజు తుపాకితో తిరిగివచ్చి ముగ్గురిని చంపాడు. విచారణలో జ్యూరీ సభ్యులు ఫ్యాక్టరీకి వెళ్లి అతను పనిచేసిన చోటు స్వయంగా చూశారు. మతి చలించినవాడు గనుక నేరబాధ్యత లేదని తీర్పు చెప్పారు. ఆ హత్యలను నేను సమర్థించడం లేదు. ఆ జ్యూరీ చూసినదాన్ని మనమూ చూడాలంటున్నాను.

తర్వాత పతనం త్వరగా జరిగింది. 25 ఏళ్ల లోపు కుర్రవాడు పెద్ద ఇంజను కారు కొంటే భీమా కంపెనీలు మోయలేని రుసుము వేశాయి. 1970 చివర స్వచ్ఛవాయు చట్టం వచ్చింది. 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు ఆపాయి. జీటీవో పేరు 1974తో ఆ తరానికి ముగిసింది. హెమీ ఇంజనుతో టాపులేని కుడా 1971లో తయారైనవి 11 మాత్రమే. కంపెనీ గొప్ప కళాఖండంగా భావించి పదకొండింటితో ఆపలేదు. ఆ వెలకూ, ఆ భీమాకూ కొనేవాడు లేక ఆగిపోయింది.

ఇక మా కుర్రవాడి ప్రశ్న. 1971 నుంచి 2014కు అమెరికాలో ధరలు మొత్తంమీద సుమారు ఆరు రెట్లు పెరిగాయి. ఆ లెక్కన 5 వేలు 30 వేలు కావాలి. అయింది 35 లక్షలు, ఆనాటి మారకంలో దాదాపు 21 కోట్ల రూపాయలు. పనితీరు దీన్ని వివరించదు. ఇవాళ టెస్లా మోడల్ 3లో వేగం హెచ్చు రకం చప్పుడు లేకుండా దాన్ని దాటిపోతుంది. శ్రమ కూడా వివరించదు. ఆ మాట ఒప్పుకోవడానికి మనం సిగ్గుపడనక్కరలేదు. మళ్లీ తయారుచేయడానికి వీలులేని విగ్రహాలూ, చిత్రాలూ, అరుదైన పుస్తకాలూ తన సూత్రానికి వెలుపలివని రికార్డో ముందే చెప్పాడు. అటువంటి ప్రాచీన వస్తువుల, కళాఖండాల వెల యాదృచ్ఛిక సందర్భాలను బట్టి ఉండవచ్చునని మార్క్సు "పెట్టుబడి" మూడో సంపుటంలో అన్నాడు. ఆ సిద్ధాంతం గంటకు 58 చొప్పున వచ్చే కార్లకు. పదకొండింటిలో ఒకదానిని ఇద్దరు ధనికులు పోటీపడి పాడుకునే గదికి కాదు. ఆ గదిలో ఉన్నది వెల. అక్కడ ఖర్చయిన 35 లక్షలు వేరే ఎక్కడో, వేరే వరసల మీద, వేరే చేతుల నుంచి పోగుపడ్డవి. పాఠ్యపుస్తకం జవాబు ఇది. తప్పు కాదు. కాని నాకు చాలలేదు.

చాలకపోవడానికి కారణం మా పాత విద్యార్థి ఒకడు పంపిన ఫోటో. అతను మిషిగన్‌లో కంప్యూటరు ఉద్యోగం చేస్తున్నాడు. సెలవురోజున పాతకార్ల ప్రదర్శనకు వెళ్లి, అద్దం చట్రంలో బిగించిన ఒక కాగితాన్ని ఫోటో తీశాడు. పసుపుపచ్చబడి, అంచులు తినేసి, గడుల నిండా అంకెలు. వరస మీద వచ్చే ప్రతి కారుకూ ఏ ఇంజను, ఏ ఇరుసు, ఏ రంగు బిగించాలో కార్మికులకు చెప్పే పత్రమది. పని అయ్యాక ఎవరో దానిని వెనుకసీటు స్ప్రింగుల కింద వదిలేసేవారు. బిగించిన ఇంజను అసలుదేనని నిరూపించే సాక్ష్యంగా ఇవాళ ఆ కాగితం దొరికితే కారు వెల వేల డాలర్లు పెరుగుతుంది. అంతేకాదు. పాతకార్లను బాగుచేసేవాళ్లు, తనిఖీ చేసిన కార్మికుడు ఇరుసు మీదా, గోడ మీదా రంగుసుద్దతో గీసిన గీతలను పాత ఫోటోలు చూసి మళ్లీ అచ్చంగా గీస్తారు. తొందరలో రంగు కారిన మరకలను కూడా, అవి ఎక్కడ ఉండేవో తెలుసుకుని, కావాలని కారనిస్తారు. 62 సెకన్లలో ముగించవలసివచ్చిన చెయ్యి చేసిన పొరపాటు ఇప్పుడు అసలుతనానికి గుర్తు. వేలం పుస్తకంలో కారు నెంబరు, ఇంజను నెంబరు, పాత యజమానుల పేర్లు ఉంటాయి. గీత గీసినవాడి పేరు ఉండదు.

డాడ్జ్ మెయిన్ 1980 జనవరిలో మూతబడింది. దాన్ని కూల్చి, చుట్టుపక్కల పోల్‌టౌన్ ఇళ్లనూ ఖాళీ చేయించి, జనరల్ మోటార్స్‌కు స్థలమిచ్చారు. ఆ ఫ్యాక్టరీ 1985లో తెరుచుకుంది. ఇప్పుడు విద్యుత్ వాహనాల కర్మాగారమయింది. హామ్‌ట్రామిక్‌లో తయారైన ఆ కుడా సియాటిల్‌లో వేలం అయింది 2014 జూన్‌లో. అంతకు ముందు నెల, మే 18న, జనరల్ బేకర్ కన్నుమూశాడు.

ఈ సంగతులన్నీ మరుసటి వారం క్లాసులో చెప్పాను. కుర్రవాడు శ్రద్ధగానే విన్నాడు. "అయితే మాస్టారూ, ఆ గీతలు గీసినవాళ్లలో ఎవరైనా బతికి ఉన్నారేమో, ఎవరైనా అడిగారా?" అన్నాడు. మిషిగన్‌లో ఉన్న మా అబ్బాయికి ఆ రాత్రే రాశాను. హామ్‌ట్రామిక్‌కు వెళ్లి వాకబు చేస్తానన్నాడు.