ఆకలి ఉంది, చావు లేదు: నియోపెట్స్ పాతికేళ్ల కథ

నియోపెట్స్ 1999 నవంబరు 15న ఇంగ్లండ్‌లో మొదలైంది. తెర మీద జంతువును పెంచుకునే ఈ వెబ్‌సైట్‌ను కట్టింది ఆడమ్ పావెల్, డొనా విలియమ్స్ అనే ఇద్దరు బ్రిటిష్ యువతీయువకులు. ప్రోగ్రామింగ్ పావెల్ చూసుకున్నాడు, సైటు రూపం, ఊహ విలియమ్స్‌వి. మొదట్లో వాళ్ల దృష్టి పిల్లల మీద లేదు. యూనివర్సిటీ విద్యార్థులు కాలక్షేపానికి ఆడుకుంటారు, పైన కనిపించే ప్రకటనల మీద నాలుగు డబ్బులు వస్తాయి అన్నంతవరకే వాళ్లు అనుకున్నారు. అందుకే తొలినాటి జంతువుల్లో ఒకటిగా బ్రిటిష్ టీవీ వ్యాఖ్యాత బ్రూస్ ఫోర్సిత్ ఫొటోనే పెట్టేశారు. కాలేజీ కుర్రాళ్ల సరదా అది. ఒకరి నుంచి ఒకరికి మాట పాకి, ఆ ఏడాది క్రిస్మస్ నాటికి రోజుకు 6 లక్షల పేజీలు తెరుచుకోవడం మొదలైంది.

నిజం జంతువు లేకుండానే పెంపకం అన్న ఆలోచన అప్పటికే బజారులో ఉంది. 1995లో పీఎఫ్ మ్యాజిక్ అనే అమెరికన్ సంస్థ ‘డాగ్జ్’ పేరుతో కంప్యూటర్ తెర మీద తిరిగే కుక్కపిల్లలను అమ్మింది. 1996 నవంబరులో జపాన్‌లో బందాయ్ కంపెనీ తమగోచీని విడుదల చేసింది. గుడ్డు ఆకారంలో అరచేతిలో ఇమిడే బొమ్మ, మూడు మీటలు, వేలి గోరంత తెర. అది బీప్‌మన్నప్పుడల్లా తిండి పెట్టాలి, కింద శుభ్రం చేయాలి, దీపం ఆర్పి పడుకోబెట్టాలి. పట్టించుకోకపోతే చచ్చిపోతుంది. పాఠం మధ్యలో అది కూస్తుంటే చాలా దేశాల్లో బడులు దాన్ని గేటు బయటే ఆపేశాయి. పిల్లలను ఆ బొమ్మకు కట్టిపడేసింది ఆ చావు భయమే.

నియోపెట్స్ ఆ భయాన్ని తీసేసింది. ఇక్కడి జంతువుకు ఆకలి ముదిరితే దాని పేరు పక్కన ‘చావు బతుకుల్లో ఉంది’ అన్న అర్థం వచ్చే మాట కనిపిస్తుంది, అంతే. నెల తరువాత తిరిగొచ్చినా, మూడేళ్ల తరువాత తిరిగొచ్చినా అది అక్కడే ఉంటుంది. పిల్లల మనసు తెలిసినవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. పరీక్షల్లో పడి మరిచిపోయిన పిల్లను ఈ ఆట హంతకురాలిని చేయదు. కానీ చావు పోయాక పిల్లలను రోజూ రప్పించడానికి ఇంకేదో కావాలి కదా. ఆ ఇంకేదో జంతువు చుట్టూ కట్టిన ఊరు. దాని పేరు నియోపియా. ఇలాంటి సైటు మంచిదా చెడ్డదా అని తూచాలంటే జంతువును చూస్తే సరిపోదు, ఆ ఊరిని చూడాలి.

బడి నుంచి వచ్చిన ఒక పిల్ల అందులో ఏం చేసేదంటే, ముందుగా తిరానియా పీఠభూమికి వెళ్లేది. అక్కడ ఒక పెద్ద ఆమ్లెట్ ఉంటుంది, రోజుకు ఒక ముక్క ఉచితం. ముక్క మొత్తం దొరికితే మూడుసార్లు పెట్టొచ్చు. ఒకసారి పెడితే మూడింట రెండు వంతులు మిగిలినట్టు బొమ్మ మారుతుంది. తరువాత బ్యాంకు. ఆ రోజు వడ్డీ దానంతట అది జమ కాదు, వెళ్లి మీట నొక్కి తీసుకోవాలి, మరిచిపోతే ఆ రోజుది పోయినట్టే. తరువాత ఆటలు. ఒక్కో ఆటలో రోజుకు మూడు స్కోర్లకే నియోపాయింట్లు ఇస్తారు, కాబట్టి మూడూ మంచివి పడేదాకా చేతులు నొప్పెట్టేలా ఆడాలి. సంపాదించిన పాయింట్లతో స్టాక్ మార్కెట్‌కు వెళ్లొచ్చు. షేరు 15 పాయింట్లకు తగ్గకుండా, రోజుకు వెయ్యికి మించకుండా కొనాలి.

అసలు వ్యాపారమంతా కొట్ల దగ్గర జరిగేది. ఊరి దుకాణాల్లో సరుకు ఎప్పుడు దిగుతుందో ఎవరికీ తెలియదు. దిగిన క్షణంలో పట్టుకుని, కొట్టువాడితో బేరమాడి కొని, తన సొంత కొట్లో ఎక్కువ ధరకు పెట్టుకోవాలి. ఒక సరుకు ఎవరి కొట్లో ఎంతకుందో వెతికిపెట్టే మాంత్రికుడు ఒకడుంటాడు. అతనిని అడిగి పక్కవాడి కన్నా ఒక్క పాయింటు తగ్గించి ధర వేయడం ఎనిమిదేళ్ల పిల్లలు కూడా నేర్చుకున్నారు. ధర 99,999 దాటే అపురూపమైన వస్తువులు, ముఖ్యంగా జంతువు రంగు మార్చే మాయ కుంచెలు, అప్పట్లో కొట్లలో పట్టేవి కావు. వాటికి మారకపు స్థలం, వేలంపాట వేరే ఉన్నాయి. చేతిలో ఏమీ లేనివాడి జంతువుకు ఒక దేవత సూప్ పోసే గంజి కేంద్రం కూడా ఉంది. గిరాకీ, సరఫరా, వడ్డీ, నష్టభయం అన్న మాటలు పాఠ్యపుస్తకంలో కనబడకముందే వాటి పని ఇలా పిల్లల చేతికి తెలిసింది.

అయితే అదే ఊళ్లో లాటరీ ఉంది, గీకి చూసే కార్డులున్నాయి, పాయింట్లు కట్టి తిప్పే చక్రాలున్నాయి. 2004లో ఆస్ట్రేలియా టీవీలో ఇది పిల్లలకు జూదం అలవాటు చేస్తోందన్న విమర్శ వచ్చింది. జంతువుకు తిండి పెట్టడానికి జూదం ఆడాల్సిన అవసరం ఏమీ లేదు, ఆ మాట నిజమే. కానీ చక్రం ముల్లు ఎక్కడ ఆగుతుందా అని ఊపిరి బిగబట్టి చూసే అలవాటు పసివయసులోనే అంటుకుంటుందన్న భయాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం.

నియోపెట్స్ నిజంగా గొప్పగా నిలిచింది మరోచోట. కొట్టు పేజీని, జంతువు పేజీని అలంకరించుకోవాలంటే వెబ్ పేజీలు కట్టే హెచ్‌టీఎంఎల్ కోడ్ రాయాలి. సైటే ఒక చిన్న పాఠం పెట్టింది. వెనక బొమ్మ మార్చడం, అక్షరాలకు రంగు వేయడం, పట్టికలు గీయడం పిల్లలు ఒకరి పేజీ చూసి ఒకరు నేర్చుకున్నారు. ఒక గుర్తు మూయడం మరిచిపోతే పేజీ అంతా చెదిరిపోయేది, తప్పెక్కడుందో గంటల తరబడి వెతికేవాళ్లు. తొలి కోడ్ అక్కడే రాశామని తరువాతి రోజుల్లో చెప్పిన డిజైనర్లు, ప్రోగ్రామర్లు చాలామంది ఉన్నారు, వారిలో మహిళలు ఎక్కువ. ‘నియోపియన్ టైమ్స్’ అనే పత్రికలో పిల్లలు రాసిన కథలు, వ్యాసాలు, కామిక్‌లు అచ్చయ్యేవి. పంపినవన్నీ వేసేవారు కాదు, తిరిగొచ్చేవీ ఉండేవి. రాసిన దాన్ని తిరగరాయడం అలా తెలిసింది. గిల్డ్‌ల పేరుతో సంఘాలు పెట్టుకుని, వాటికి నియమాలు రాసుకుని నడుపుకున్నారు. ఈ సైటును మెచ్చుకోవాల్సి వస్తే ముందుగా మెచ్చుకోవాల్సింది దీన్నే. పిల్లలకు వినోదం వడ్డించడంతో ఆగక, చేసుకోవడానికి చోటిచ్చింది.

చోటుకు అద్దె ఎవరు కట్టాలన్నదే తరువాతి చిక్కు. రద్దీ పెరిగేకొద్దీ ఖర్చు భరించలేక వ్యవస్థాపకులు పెట్టుబడి వెతికారు. డగ్ డోరింగ్ అనే అమెరికన్ వ్యాపారి 2000 జనవరిలో మెజారిటీ వాటా కొన్నాడు. అతనిది మార్కెట్ రీసెర్చ్ రంగం. కంపెనీ కాలిఫోర్నియాలోని గ్లెండేల్‌కు మారింది, బ్రూస్ ఫోర్సిత్ ఫొటో పోయి పెంగ్విన్ లాంటి జంతువు వచ్చింది, ఊరు పిల్లల ఊరైంది. డోరింగ్ తెచ్చిన పద్ధతికి ‘ఇమ్మర్సివ్ అడ్వర్టైజింగ్’ అని పేరు పెట్టి ట్రేడ్‌మార్క్ చేసుకున్నారు. అంటే ప్రకటనను పేజీ అంచున కాకుండా ఆటలోకే దించడం. తృణధాన్యాల అల్పాహారం, బర్గర్ల గొలుసు దుకాణం, కొత్త సినిమా, ఏదైనా సరే ఒక ఆటగానో, ఊళ్లో ఒక చోటుగానో మారేది. ఆడితే పాయింట్లు, పాయింట్లతో జంతువుకు తిండి. పెద్దవాళ్లు పత్రిక తిరగేస్తూ ప్రకటనను గుర్తుపట్టి దాటేస్తారు. ఏడేళ్ల పిల్లకు తాను ఆడుతున్నది ప్రకటన అని తెలియడం కష్టం. 2005లో కెనడా పరిశోధకులు సారా గ్రైమ్స్, లెస్లీ రీగన్ షేడ్ ఒక వ్యాసంలో ఈ విషయాన్నే తరచి చూశారు. నియోపెట్స్ చరిత్రలో సమర్థించడానికి వీల్లేని భాగం ఇదే.

పిల్లల వివరాల సంగతికొస్తే, అమెరికాలో 1998లో చేసిన పిల్లల ఆన్‌లైన్ గోప్యత చట్టం 2000 ఏప్రిల్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. 13 ఏళ్లలోపు పిల్లల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. అందుకని నియోపెట్స్‌లో ఆ వయసు పిల్లలు ఆడుకోగలిగేవారు గాని, చర్చా వేదికల్లో మాట్లాడాలంటే అమ్మో నాన్నో సంతకం చేసిన కాగితం ఫ్యాక్స్‌లోనో పోస్టులోనో పంపాల్సి వచ్చేది. ఫ్యాక్స్ మిషన్ ఉన్న ఇళ్లు ఎన్ని? పుట్టిన సంవత్సరాన్ని వెనక్కి జరిపి రాయడం పిల్లలకు అంతకన్నా తేలికైంది.

2005 జూన్‌లో నికలోడియన్ చానల్ యజమాని వయాకామ్ 16 కోట్ల డాలర్లకు నియోపెట్స్‌ను కొనేసింది. 2007లో రెండు మార్పులు వచ్చాయి. జంతువులకు బట్టలు తొడిగేందుకు వీలుగా పాత బొమ్మలను దాదాపు అన్నిటినీ ఒకే భంగిమలోకి మార్చి గీశారు. ఏళ్ల తరబడి పాయింట్లు కూడబెట్టి ఇష్టపడి రంగు వేయించుకున్న బొమ్మ ఒక ఉదయానికి మారిపోయింది. ఆ బాధను చాలామంది నేటికీ మరవలేదు, మారకుండా మిగిలిన కొద్ది జంతువులకు తరువాత విపరీతమైన గిరాకీ వచ్చింది. రెండోది నియోక్యాష్, నిజం డబ్బుతో కొనే నాణెం. ఆ బట్టలు చాలావరకు దానితోనే కొనాలి. అంతవరకు ఓపిక ఉన్నవాడిది పైచేయి. ఇప్పుడు అమ్మానాన్నల కార్డు ఉన్నవాడు కూడా ముందుకొచ్చాడు.

ఆపాటికి పోటీ కూడా వచ్చింది. 2005లోనే కెనడాకు చెందిన గాంజ్ సంస్థ వెబ్‌కింజ్ తెచ్చింది. దుకాణంలో దూది బొమ్మ కొంటే దానితో వచ్చే రహస్య కోడ్‌తో తెర మీద దాని జంట తెరుచుకుంటుంది. అదే ఏడాది అక్టోబరులో, అదే దేశం నుంచి క్లబ్ పెంగ్విన్ వచ్చింది. అందులో ముందే రాసిపెట్టిన వాక్యాల్లోంచి ఏరుకుని మాత్రమే మాట్లాడే ఏర్పాటు ఉండేది. భద్రత కోణంలో నియోపెట్స్ కన్నా అది మేలు, కానీ పిల్లలు సొంతంగా రాసుకునే చోటు అంతగా లేదు. 2007లో డిస్నీ దాన్ని 35 కోట్ల డాలర్లకు కొని, 2017లో మూసేసింది.

నియోపెట్స్ మూతపడలేదు గాని చేతులు మారుతూ వచ్చింది. 2014లో జంప్‌స్టార్ట్ సంస్థ, 2017లో ఆ జంప్‌స్టార్ట్‌నే కొన్న చైనా సంస్థ నెట్‌డ్రాగన్. పాత కోడ్ మీద కొత్త అతుకులు పడ్డాయి. 2016లో సుమారు 2.7 కోట్ల ఖాతాల వివరాలు బయటపడ్డాయి. పాస్‌వర్డ్‌లకు ఏ రక్షణా లేదు, ఉన్నవి ఉన్నట్టే కనిపించాయి. 2020 డిసెంబరు 31తో ఆటలను నడిపే ఫ్లాష్ సాఫ్ట్‌వేర్ ఆగిపోయేసరికి ఆటలు చాలావరకు తెరుచుకోలేదు. 2022 జులైలో 6.9 కోట్ల ఖాతాల సమాచారం తన దగ్గరుందంటూ ఒక హ్యాకర్ అమ్మకానికి పెట్టాడు. పదేళ్లప్పుడు ఇచ్చిన పేరు, పుట్టినతేదీ, ఈమెయిల్ ముప్పయ్యేళ్లు వచ్చాక ఎవరి చేతుల్లోనో పడ్డాయి. బొమ్మ తిండి కోసం ఇచ్చిన వివరాలు బొమ్మను మరిచిపోయాక కూడా సర్వర్లో మిగిలే ఉన్నాయన్నమాట.

భారతదేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పిల్లల వివరాలు, ప్రకటనలు అనే ఈ రెండు గాయాలనూ తాకుతుంది. 18 ఏళ్లలోపు వారందరినీ అది పిల్లలుగానే లెక్కిస్తుంది. వారి సమాచారం వాడుకోవడానికి తల్లిదండ్రుల నుంచి నిర్ధారించదగిన అనుమతి కావాలంటుంది, వారి నడవడిని గమనించి ప్రకటనలు గురిపెట్టడాన్ని నిషేధిస్తుంది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పిల్లల ఆట తయారుచేసే సంస్థ ప్రకటనల మీద బతకాలనుకుంటే ఈ గీతలు దాటకూడదు.

2021లో యాజమాన్యం నియోపెట్స్ జంతువులను ఎన్ఎఫ్‌టీలుగా, అంటే బ్లాక్‌చెయిన్ మీద నమోదయ్యే డిజిటల్ ఆస్తులుగా అమ్మబోయింది. పాత ఆటగాళ్లు గట్టిగా ఎదురుతిరిగారు. 2023లో జంప్‌స్టార్ట్ మూతపడుతుండగా, లోపలి బృందమే డొమినిక్ లా నాయకత్వంలో నియోపెట్స్‌ను కొనుక్కుని, 40 లక్షల డాలర్ల పెట్టుబడితో స్వతంత్ర సంస్థగా మార్చింది. ఎన్ఎఫ్‌టీ పథకాలను ఆపేశారు, ఆగిపోయిన ఫ్లాష్ ఆటలను తిరిగి నడిపించే పని మొదలుపెట్టారు. తిరిగి వస్తున్నవారిలో పిల్లలకన్నా ఒకప్పటి పిల్లలే ఎక్కువ. పాస్‌వర్డ్ గుర్తుతెచ్చుకుని ఖాతా తెరిచి, వాళ్లు ముందు వెళ్లేది ఆమ్లెట్ దగ్గరికి.