పాట మరలివచ్చిన దినము

1957 వ సంవత్సరము అక్టోబరు 3 వ తేదీ, గురువారము. ఆనాడు ఆకాశవాణి 'వివిధ భారతి' యను పేర నొక నూతన ప్రసార విభాగమును ప్రారంభించెను. పండిత నరేంద్ర శర్మ రచించిన 'నాచ్ రే మయూరా' యను గీతమునకు అనిల్ బిశ్వాస్ వరుస కూర్చగా మన్నా డే గానము చేసెను. ఆ విభాగమున మొట్టమొదట వినిపించిన పాట అదియే. మరునాడే సోవియట్ దేశము స్పుత్నిక్ అను కృత్రిమోపగ్రహమును అంతరిక్షమునకు పంపెను. లోకమంతయు దాని సంకేతధ్వనికి చెవి యొగ్గెను. ఐనను భారతదేశమున సాయంకాలము రేడియో ముందు కూర్చుండు సామాన్య గృహస్థునకు ఆ రెండు దినములలో మొదటిదియే తన యింటికి దగ్గరైనది. ఐదేండ్ల క్రిందట తాను గడప వెలుపల నిలిపిన సినిమా పాటను ప్రభుత్వము మరల లోనికి పిలిచినది ఆనాడే.

ఆకాశవాణికి నిషేధములు క్రొత్త కావు. బ్రిటిషు పాలనలోనే, 1940 లో, హార్మోనియము మన సంగీతపు గమకములకు, శ్రుతులకు తగని వాద్యమని తలచి ఆ సంస్థ దానిని తన స్టూడియోల నుండి తొలగించెను. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మటను ఆ నియమము చాలకాలము నిలిచెను. ఏది వినదగినది, ఏది కాదు అని నిర్ణయించు అధికారము తనకు గలదను భావము ఆ విధముగ కార్యాలయమున వేళ్ళూనెను. 1952 లో డాక్టర్ బి.వి. కేస్కర్ సమాచార, ప్రసార శాఖకు మంత్రిగా వచ్చినప్పుడు ఆ భావమునకు మరింత బలము చేకూరెను.

కేస్కర్ ఉద్దేశమును శంకింప బనిలేదు. సంస్థానములు విలీనమై రాజాశ్రయము కోల్పోయిన విద్వాంసులకు ప్రభుత్వమే అండగా నిలువవలెనని ఆయన తలచెను. సంగీతపు జాతీయ కార్యక్రమము 1952 లో ఆయన కాలముననే మొదలయ్యెను. అదే యేట పండిత రవిశంకర్, టి.కె. జయరామ అయ్యర్ల నిర్వహణమున ఆకాశవాణి వాద్యబృంద మేర్పడెను. 1954 నుండి రేడియో సంగీత సమ్మేళనములు జరుగసాగెను. కర్ణాటక విద్వాంసుని కచేరి ఢిల్లీలోను, హిందుస్తానీ ఉస్తాదు గానము విజయవాడలోను ఇంటనే కూర్చుండి వినగలుగుట ఆ కృషికి ఫలము. టిక్కెట్టు కొని సభకు పోలేని గుమాస్తా కుటుంబమునకు అది చిన్న మేలు కాదు.

చిక్కు వచ్చినది సినిమా పాటతో. పాశ్చాత్యపు బాణీలను అనుకరించు ఆ పాట శ్రోతల అభిరుచిని చెరచుచున్నదని కేస్కర్ అభిప్రాయము. అందుచేత ప్రసారకాలమున సినిమా పాటల వంతు నూటికి పది పాళ్ళకు తగ్గెను. ఏ పాట ప్రసారయోగ్యమో ముందుగా పరిశీలించు పద్ధతి వచ్చెను. చిత్రము పేరు చెప్పుట వ్యాపార ప్రకటన యగునని, గాయకుని పేరు మాత్రమే చెప్పవలెనని నియమించిరి. దీనికి కినిసిన నిర్మాతలు తమ పాటల ప్రసారమునకు ఇచ్చిన అనుమతిని ఉపసంహరించుకొనిరి. కొలది నెలలలోనే సినిమా పాట ఆకాశవాణి నుండి ఇంచుమించుగ మాయమయ్యెను. ఇది పేరునకు నిషేధము కాదు. ఫలితమును బట్టి చూచినచో నిషేధమే.

ఖాళీయైన ఆ చోటును సముద్రము కావలి కేంద్ర మొకటి ఆక్రమించెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఆగ్నేయాసియా సైన్యముల కొరకు సింహళమున నెలకొల్పిన శక్తిమంతమైన షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్ యుద్ధానంతరము రేడియో సిలోన్ చేతికి వచ్చియుండెను. 1950 లో అచ్చట వ్యాపార విభాగము ప్రారంభమయ్యెను. 1952 చివర 'బినాకా గీత్‌మాలా' మొదలయ్యెను. అమీన్ సయానీ బొంబాయిలో మాటాడి రికార్డు చేసిన కార్యక్రమము టేపు రూపమున కొలంబో చేరి, అచ్చటి నుండి గాలిలో మరల భారతదేశమునకు వచ్చెడిది. వ్యయమును టూత్‌పేస్టు అమ్ము సంస్థ భరించెడిది. మొదటి ప్రసారమునకే సుమారు 9000 ఉత్తరములు వచ్చినవని సయానీ తరువాతి కాలమున చెప్పెడివాడు. రేడియో సిలోన్ తెలుగు పాటలను కూడ వినిపించెడిది. అచ్చటి తెలుగు వ్యాఖ్యాత్రి మీనాక్షీ పొన్నుదురై కంఠము తరువాతి సంవత్సరములలో ఆంధ్రదేశమున ఎందరికో సుపరిచితమయ్యెను.

ఆ కాలమున రేడియో ఉంచుకొనుటకు తపాలా కార్యాలయమున ఏటేట లైసెన్సు రుసుము చెల్లింపవలసియుండెను. గృహస్థు రుసుమును భారత ప్రభుత్వమునకు చెల్లించి, ముల్లును మాత్రము కొలంబో వైపు త్రిప్పెడివాడు. పాట మనది, పాడినవారు మనవారు, వినువారు మనవారు. ఆదరణ, ఆదాయము మాత్రము పరదేశపు కేంద్రమునకు దక్కెను. అభిరుచిని బాగుచేయదలచిన ఉత్తరువు శ్రోతను శాస్త్రీయ సంగీతము వైపు నడిపింపలేదు. మరియొక కేంద్రము వైపు నడిపించెను.

ఇందొక విచిత్రము కలదు. సినిమా పాట సంప్రదాయమునకు శత్రువని తలచిన ఆ సంవత్సరములలోనే ఆ పాట సంప్రదాయమును ఆశ్రయించి ఉన్నత స్థితి నందెను. 1952 నాటి 'బైజు బావరా'లో నౌషాద్ హిందుస్తానీ రాగములపై పాటలు కట్టి, ఉస్తాద్ అమీర్ ఖాన్, పండిత డి.వి. పలుస్కర్ల చేత పాడించెను. తెలుగున 1951 లో సాలూరి రాజేశ్వరరావు సంగీతముతో 'మల్లీశ్వరి', 1953 లో సి.ఆర్. సుబ్బరామన్ సంగీతముతో 'దేవదాసు', 1957 మార్చిలో ఘంటసాల సంగీతముతో 'మాయాబజారు' వెలువడెను. రాగముల పేరు తెలియనివారికి రాగచ్ఛాయను అలవాటు చేసిన ఘనత ఈ పాటలదే. గొప్పవానిని, చవుకబారు వానిని ఒకే నియమముతో కొలుచుట ఆనాటి విధానములోని లోపము.

సినిమా పాటకు బదులుగా ఆకాశవాణి లలిత సంగీతమును పెంచ బూనెను. కవులచేత వ్రాయించి, సంగీతజ్ఞులచేత వరుసలు కట్టించి, తన స్టూడియోలలో పాడించెను. తెలుగువారికి ఈ మార్గము క్రొత్తది కాదు. 1941 లో మద్రాసు కేంద్రమున చేరిన బాలాంత్రపు రజనీకాంతరావు లలిత గీతములకు అప్పటికే బాట వేసియుండెను. ఆయన రచించిన స్వాతంత్ర్య గీతమును 1947 ఆగస్టు 15 న ఆ కేంద్రము నుండి టంగుటూరి సూర్యకుమారి పాడెను. మేలైన పాటను సృష్టించుట ప్రభుత్వ సంస్థకు సాధ్యమే. కాని అది జనులు కోరు మరియొక పాటకు ప్రతిగా నిలువజాలకపోయెను.

ఈ అనుభవము నుండి పుట్టినదే వివిధ భారతి. అప్పుడు ఆకాశవాణి డైరెక్టర్ జనరల్ జగదీశ్ చంద్ర మాథుర్, ఆయన ఐ.సి.ఎస్. అధికారి, హిందీ నాటకకర్త కూడ. నూతన విభాగమునకు రూపకల్పన చేసిన నరేంద్ర శర్మ బొంబాయి చిత్రములకు పాటలు వ్రాసిన కవి. దీనిని 'పంచరంగీ కార్యక్రమ'మని వ్యవహరించిరి. సినిమా పాటలతో పాటు లలిత సంగీతము, హాస్యనాటికలు, ముచ్చటలు అందు చేరెను. బొంబాయి, మద్రాసు నగరముల షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్ల ద్వారా అవి దేశమంతట వినవచ్చెను. ప్రారంభ గీతము సినిమా పాట కాక, ప్రత్యేకముగ కట్టించిన పాట యగుట గమనింపదగినది. ద్వారము తెరచినను, తెరచిన చేయి జాగ్రత్తతోనే తెరచెను.

ఇందు మరువరాని అంశ మొకటి కలదు. 1952 లో ద్వారము మూసినప్పుడును, 1957 లో తెరచినప్పుడును శాఖామంత్రి కేస్కరే. 1962 వరకు ఆయనయే. క్రొత్త మంత్రి వచ్చి పాత విధానమును త్రోసివేయుట సామాన్యము. తాను పెట్టిన విధానము ఫలింపలేదని గ్రహించి తన కాలముననే దారి మార్చుట అంత సామాన్యము కాదు. కేస్కర్ అభిరుచి మారినట్లు కానరాదు, మారినది విధానము. తన అభిరుచి వేరు, తన పదవీధర్మము వేరు అని గుర్తించుటలోనే ఆ దినమునకు గల విలువ ఉన్నది.

కోల్పోయిన శ్రోతలు ఒక్క దినమున మరలిరాలేదు. గీత్‌మాలా చిరకాలము కొలంబోలోనే ఉండి, 1989 లో గాని వివిధ భారతికి చేరలేదు. చిత్రము పేరు చెప్పుటయే వ్యాపార ప్రకటన యని శంకించిన ఆకాశవాణి, 1967 లో బొంబాయి, పూనా, నాగపూరు కేంద్రముల వివిధ భారతియందు తానే వ్యాపార ప్రకటనలను ప్రవేశపెట్టెను. కాలక్రమమున హైదరాబాదు, విజయవాడలును వివిధ భారతి కేంద్రములై, 'జనరంజని' వంటి శీర్షికలతో తెలుగు పాటను ఇంటింటికి చేర్చెను.

సంగీతపు జాతీయ కార్యక్రమమునకు వివిధ భారతి వలన హాని కలుగలేదు. 1957 తరువాత చాలకాలము రెండును ఒకే సంస్థయందు ప్రక్కప్రక్కనే నడచెను. త్యాగరాజ కృతిని విన్న యింటనే ఘంటసాల పాట వినవచ్చెను. ఒకటి విన్నవారు రెండవదానిని మానలేదు. ఆ ఐదేండ్ల పెనుగులాట అనవసరమని ఈ ఒక్క సంగతియే తెలుపుచున్నది. ప్రజలకు మంచిదానిని అందించుట ప్రభుత్వ కార్యాలయమునకు తగిన పని. దానికై వారికి ప్రియమైన దానిని లాగివేయ నక్కరలేదని అక్టోబరు 3 వ తేదీ నిరూపించెను.