విండోస్ ఎక్స్‌పీ: గడువు తీరాక

విండోస్ ఎక్స్‌పీ మైక్రోసాఫ్ట్ తయారుచేసిన ఆపరేటింగ్ సిస్టమ్. 2001 అక్టోబర్ 25న అమ్మకానికి వచ్చింది. 2014 ఏప్రిల్ 8తో దానికి కంపెనీ మద్దతు ముగిసింది. మధ్యనున్న పన్నెండున్నరేళ్ల కథ చాలాచోట్ల దొరుకుతుంది. ఇక్కడి విషయం ఆ తరువాతిది: తయారీదారు చేతులు దులుపుకున్నాక కూడా దీన్ని ఎవరు, ఎందుకు, ఏ ఉపాయాలతో నడుపుకొచ్చారన్నది. మద్దతు ఆగిన రోజున ఎక్స్‌పీ ఆగలేదు. చుట్టూ మారుతూ పోయిన బ్రౌజర్లు, సర్టిఫికెట్లు, మదర్‌బోర్డులు కలిసి దాన్ని మూలకు నెట్టాయి.

గడువు ఎలా పుట్టింది

కొన్నవాళ్లే మళ్లీ కొనేలా వస్తువును ముందే లెక్కగట్టి పాతబరచడం కంప్యూటర్ల కన్నా పాత సంగతి. 1920లలో ఫీబస్ కూటమిగా ఏర్పడ్డ కంపెనీలు బల్బు ఆయుష్షును 1,000 గంటలకు కుదించాయి. 1932లో బెర్నార్డ్ లండన్ అనే న్యూయార్క్ స్థిరాస్తి వ్యాపారి, వస్తువులకు ప్రభుత్వమే ఆయుర్దాయం నిర్ణయిస్తే ఆర్థిక మాంద్యం తీరుతుందని ఏకంగా ఒక కరపత్రమే వేశాడు. బల్బులో ఫిలమెంటు కాలిపోతుంది. సాఫ్ట్‌వేర్‌లో కాలిపోయేదేమీ లేదు. 2001లో ఒక యంత్రం మీద ఎలా నడిచిందో, ఆ యంత్రం బాగున్నంత కాలం అలాగే నడుస్తుంది. దాన్ని పాతబరచాలంటే కేలండర్ కావాలి.

ఆ కేలండర్‌ను మైక్రోసాఫ్ట్ 2002 అక్టోబర్‌లో ప్రకటించింది. మొదట కొన్నేళ్లు పూర్తి మద్దతు, ఆ తరువాత కొన్నేళ్లు భద్రతా ప్యాచ్‌లు మాత్రమే. ఎక్స్‌పీకి ఈ లెక్క ప్రకారం రావలసిన దానికన్నా ఎక్కువ ఆయువే దక్కింది. కారణం దాని వారసుడు. విస్టా ఆలస్యమై 2007 జనవరి 30న గానీ రాలేదు. వచ్చాక అప్పటి కంప్యూటర్లకు బరువైంది. అదే ఏడాది మొదలైన నెట్‌బుక్‌లనే చిన్న ల్యాప్‌టాప్‌లకైతే విస్టాను మోసే సత్తువే లేదు. అందుకే దుకాణాల్లో 2008 జూన్ 30తో అమ్మకం ఆపిన ఎక్స్‌పీని, నెట్‌బుక్‌ల కోసం 2010 అక్టోబర్ దాకా ఇస్తూనే పోయారు. ‘ఎక్స్‌పీని కాపాడండి’ అంటూ ఇన్ఫోవరల్డ్ పత్రిక పెట్టిన అర్జీ మీద రెండు లక్షల మందికి పైగా సంతకాలు చేశారు. కొత్తొక వింత, పాతొక రోత అనే సామెత తిరగబడిన అరుదైన సందర్భం ఇది.

గడువు దాటిన విండోస్‌ను సొంతంగా నడుపుకోవడం ఎక్స్‌పీతో మొదలవలేదు. విండోస్ 98కి 2006 జూలై 11న మద్దతు ఆగినప్పుడే ఔత్సాహికులు దానికి యూఎస్‌బీ డ్రైవర్లు, అనధికార సర్వీస్ ప్యాక్‌లు కట్టారు. ఎక్స్‌పీ కోసం రాసిన కొన్ని ప్రోగ్రాములు 98 మీద నడిచేలా కెర్నెల్ఎక్స్ అనే అతుకు వేశారు. ఎక్స్‌పీ వంతు వచ్చేసరికి పనివాళ్లూ పనితనమూ సిద్ధం.

2014 ఏప్రిల్

మద్దతు ఆగిన నాటికి ప్రపంచంలోని డెస్క్‌టాప్ కంప్యూటర్లలో దాదాపు నాలుగో వంతు ఎక్స్‌పీ మీదే నడుస్తున్నాయి. హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ పగ్గాలు చేపట్టి అప్పటికి రెండు నెలలు. బ్రిటన్ ప్రభుత్వం ఒక్క ఏడాది ప్యాచ్‌ల కోసం 55 లక్షల పౌండ్ల ఒప్పందం చేసుకుంది. నెదర్లాండ్స్ కూడా అదే బాట పట్టింది. 2015లో అమెరికా నౌకాదళం తన ఎక్స్‌పీ యంత్రాల కోసం, ఇంకొన్ని పాత ఉత్పత్తుల కోసం దాదాపు 91 లక్షల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. అంటే ప్యాచ్‌లు రాసే పని ఏప్రిల్ 8 తరువాతా సాగుతూనే ఉంది. ఆగింది పంపిణీ.

గడువు తీరి మూడు వారాలు తిరక్కుండానే ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో ఒక ప్రమాదకరమైన లొసుగు బయటపడింది. మే 1న మైక్రోసాఫ్ట్ దానికి ప్యాచ్ విడుదల చేస్తూ ఎక్స్‌పీకి కూడా ఉచితంగా ఇచ్చింది. ఇదొక్కసారేనన్న మాట నిలబడలేదు.

బిల్లింగ్ యంత్రంలా నటించడం

ఎక్స్‌పీ అభిమానులకు దొరికిన అసలు నిధి వేరు. దుకాణాల బిల్లింగ్ కౌంటర్ల కోసం మైక్రోసాఫ్ట్ పీఓఎస్‌రెడీ 2009 అనే వ్యవస్థను అమ్మింది. పేరు వేరైనా లోపలిది ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 3యే. దానికి మద్దతు గడువు మాత్రం 2019 ఏప్రిల్ 9. 2014 మే నెలలో ఎవరో ఒక చిట్కా బయటపెట్టారు: విండోస్ తన అమరికలు దాచుకునే రిజిస్ట్రీలో పీఓఎస్‌రెడీ పేరుతో ఒక్క పద్దు చేర్చి దాని విలువ 1 అని రాస్తే, ఇంట్లోని ఎక్స్‌పీ కంప్యూటర్ తాను ఏదో దుకాణంలోని బిల్లింగ్ యంత్రాన్నని అప్‌డేట్ సర్వర్‌కు చెప్పుకుంటుంది. సర్వర్ నమ్ముతుంది. నెలనెలా ప్యాచ్‌లు వచ్చి పడతాయి.

ఆ ప్యాచ్‌లు మామూలు ఎక్స్‌పీ కోసం ఉద్దేశించినవి కావని, పూర్తిగా పరీక్షించలేదని మైక్రోసాఫ్ట్ హెచ్చరించింది. కానీ ఆ దారి మూయలేదు. ఇలా ఐదేళ్లు గడిచాయి. వెబ్‌సైట్లతో సురక్షితంగా మాట్లాడే టీఎల్ఎస్ పద్ధతిలో 1.0 దగ్గరే ఆగిపోయిన ఎక్స్‌పీకి, 1.1, 1.2 వెర్షన్లు కూడా 2017లో ఈ దొడ్డిదారినే అందాయి. కొత్త భద్రతా ఏర్పాట్లను మోయడం పాత కోడ్‌కు కష్టమన్న కంపెనీ వాదన పూర్తిగా అబద్ధం కాదు. విస్టా నుంచి విండోస్ లోపలి కట్టడం నిజంగానే గట్టిపడింది. అయితే ప్యాచ్ చేయడం అసాధ్యమన్న మాట మాత్రం ఈ ఐదేళ్ల తరువాత చెల్లదు.

వాన్నాక్రై

2017 మే 12న వాన్నాక్రై అనే వైరస్ ఫైళ్లకు తాళాలు వేసి డబ్బు అడుగుతూ ప్రపంచమంతా పాకింది. బ్రిటన్ ఆసుపత్రులు రోగులను వెనక్కి పంపాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలో కూడా కొన్ని కంప్యూటర్లు దీని బారిన పడ్డాయి. తప్పంతా ఎక్స్‌పీదేనని తొలి రోజుల్లో అందరూ అనుకున్నారు. లెక్కలు తేలాక చూస్తే సోకిన యంత్రాల్లో అత్యధికం విండోస్ 7వి. అప్పటికి దాని మద్దతు నడుస్తూనే ఉంది, ప్యాచ్ మార్చిలోనే వచ్చింది, వేసుకోనివాళ్లు దెబ్బతిన్నారు. ఎక్స్‌పీ మీదికి ఈ వైరస్ వచ్చినప్పుడు చాలాసార్లు యంత్రం నీలి తెర చూపి కూలిపోయేది తప్ప దాన్ని పక్కవాళ్లకు అంటించేది కాదు.

మైక్రోసాఫ్ట్ వెంటనే ఎక్స్‌పీకి కూడా ప్యాచ్ ఇచ్చింది. ఆ ఫైళ్ల మీది డిజిటల్ సంతకాల తేదీలు చూసినవాళ్లకు ఇంకో సంగతి తెలిసింది: ప్యాచ్ ఫిబ్రవరిలోనే తయారై ఉంది. డబ్బు కట్టేవాళ్ల కోసం. 2019 మేలో బ్లూకీప్ అనే మరో లొసుగు బయటపడినప్పుడు ఎక్స్‌పీకి ఇంకోసారి ఉచిత ప్యాచ్ వచ్చింది.

చుట్టూ లోకం

రోజువారీ వాడకంలో ఎక్స్‌పీ ఊపిరి తీసింది బ్రౌజరే. దానిమీద నడిచే చివరి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 8వది. క్రోమ్ 49తో ఆగింది. 2016 ఏప్రిల్ తరువాత దానికి అప్‌డేట్లు లేవు. ఫైర్‌ఫాక్స్ ఇంకొంచెం ఓపిక పట్టి 52వ వెర్షన్ దీర్ఘకాలిక శాఖతో 2018 దాకా లాక్కొచ్చింది. ఆ తరువాతి బాధ్యత ఔత్సాహికులది. పేల్‌మూన్ నుంచి చీలిన న్యూమూన్, ఫైర్‌ఫాక్స్ కోడ్ మీద కట్టిన మైపాల్, క్రోమియంను ఎక్స్‌పీకి తిరిగి తెచ్చిన సూపర్మియం అలా వచ్చినవే. కొత్త ప్రోగ్రాములు వెతుక్కునే ఫంక్షన్లను ఎక్స్‌పీకే చేర్చే వన్‌కోర్ఏపీఐ, 98 నాటి కెర్నెల్ఎక్స్‌కు తమ్ముడి లాంటిది.

బ్రౌజర్ దొరికినా, సైటు అసలైనదేనని రుజువు చేసే సర్టిఫికెట్ల పేచీ ఉంటుంది. 2021 సెప్టెంబర్ 30న ఒక పాత రూట్ సర్టిఫికెట్ గడువు తీరగానే, లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సర్టిఫికెట్ల సంస్థ సంతకంతో నడిచే లెక్కలేనన్ని సైట్లు పాత యంత్రాల్లో తెరుచుకోవడం మానేశాయి. కొత్త రూట్‌ను చేత్తో చేర్చుకున్నవాళ్లు గట్టెక్కారు. ఒక్కోసారి కారణం ఇంతకన్నా చిన్నది: మదర్‌బోర్డు మీది నాణెం లాంటి బ్యాటరీ అయిపోయి, గడియారం ఇరవై ఏళ్లు వెనక్కి పోయి, ప్రతి సర్టిఫికెట్టూ ‘ఇంకా పుట్టలేదు’ అనిపించుకుంటుంది. 2020లో మైక్రోసాఫ్ట్ పాత అప్‌డేట్ సర్వర్ల దారిని కూడా మూసేశాక, ఆ ప్యాచ్‌లను తిరిగి అందించడానికి లెగసీ అప్‌డేట్ అనే స్వచ్ఛంద ప్రయత్నం పుట్టింది.

హార్డ్‌వేర్ కథ ఇంకోలా నడిచింది. సాటా డిస్కులు వచ్చాక, ఎక్స్‌పీ ఎక్కించేటప్పుడు ఎఫ్6 మీట నొక్కి ఫ్లాపీలోంచి డ్రైవర్ ఇవ్వాల్సి వచ్చేది, ఫ్లాపీ డ్రైవే లేని కంప్యూటర్ ముందు కూర్చుని. బయోస్‌లో డిస్కును ఐడీఈ మోడ్‌కు మార్చడం, ఎన్‌లైట్‌తో డ్రైవర్లను సీడీలోనే కలిపేయడం దీనికి విరుగుళ్లు. పాత బయోస్ పద్ధతే తీసేసిన మదర్‌బోర్డులు వచ్చాక ఆ విరుగుళ్లూ పని చేయలేదు. ఇక మిగిలింది కొత్త కంప్యూటర్ లోపల పాతదాన్ని అనుకరించే వర్చువల్ యంత్రం. ఈ ఉపాయాన్ని విండోస్ 7లో ఎక్స్‌పీ మోడ్ పేరుతో మైక్రోసాఫ్టే ఇచ్చింది. ఎక్స్‌పీ మీదే నడిచే ఖరీదైన స్కానర్లు, కోత యంత్రాలు ఉన్నచోట మాత్రం నెట్ తీగ పీకేసి పాత పెట్టెనే నడుపుకోవడం వాడుక.

భారతదేశంలో, తెలుగులో

మన దేశంలో ఎక్స్‌పీ ఎక్కువ కాలం దాక్కున్న చోటు ఏటీఎం. రిజర్వు బ్యాంకు 2018 జూన్ 21న బ్యాంకులకు గడువు పెట్టి, 2019 జూన్‌కల్లా ఏటీఎంలన్నీ మద్దతున్న ఆపరేటింగ్ సిస్టమ్‌కు మారాలని ఆదేశించింది.

తెలుగుకు ఎక్స్‌పీతో బంధం రెండు విధాలది. గౌతమి ఫాంటుతో, తెలుగు కీబోర్డుతో వచ్చిన మొదటి విండోస్ ఇదే. అంతకు ముందరి విండోస్ 2000లో భారతీయ లిపులంటే దేవనాగరి, తమిళం. అయితే ఎక్స్‌పీలో కూడా రీజనల్ ఆప్షన్స్‌లోకి వెళ్లి సంక్లిష్ట లిపుల దగ్గర టిక్కు పెట్టి, అడిగినప్పుడు సీడీ వేయాలి. ఆ సంగతి తెలియనివాళ్లకు తెలుగు పేజీ నిండా డబ్బాలే కనబడేవి.

రెండోది దీనికి ఎదురు దిక్కు. డీటీపీ సెంటర్లలో పని జరిగేది యూనికోడ్‌లో కాదు, ‘అను’ ఫాంట్లతో, పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌లో. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 కూడా 2001లో వచ్చిందే. అడోబీ 2004లో దాని అభివృద్ధి ఆపేసింది. ఆ ఫాంట్లలో అక్షరాలు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో కూర్చుంటాయి గనుక, ఫాంటు లేని యంత్రంలో ఫైలు తెరిస్తే పిచ్చిగీతలే. పెళ్లి శుభలేఖ నుంచి పుస్తకం దాకా ఏళ్ల తరబడి పోగుపడిన ఫైళ్లు అలా ఉన్నప్పుడు, నడుస్తున్న పాత కంప్యూటర్‌ను కదిలించడానికి ఎవరికీ చేయి రాదు.

తరువాత

ఎక్స్‌పీ తరం విండోస్‌కు సరిపోయే వ్యవస్థను మొదటినుంచీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా రాయాలన్న రియాక్ట్ఓఎస్ ప్రయత్నం 1990ల నుంచి నడుస్తోంది, మెల్లగా. 2020 సెప్టెంబర్‌లో ఎక్స్‌పీ మూల కోడ్ లీకైంది. చట్టపరమైన చిక్కుల వల్ల రియాక్ట్ఓఎస్ లాంటివాళ్లు దాన్ని ముట్టుకోలేరు.

2025 అక్టోబర్ 14న విండోస్ 10 వంతు వచ్చింది. విండోస్ 11 కోరే టీపీఎం 2.0 చిప్, కొత్త తరం ప్రాసెసర్ లేని కోట్ల యంత్రాలు చక్కగా పని చేస్తూనే గడువు దాటాయి. 2014లో ప్రభుత్వాలు లక్షలు పోసి కొన్న సౌకర్యాన్ని ఈసారి ఇంటి వాడుకరులకు కూడా ఒక ఏడాది పాటు 30 డాలర్లకు ఇచ్చారు. సెట్టింగులను మైక్రోసాఫ్ట్ ఖాతాకు జతచేస్తే ఆ రుసుమూ అడగలేదు. పీఓఎస్‌రెడీ లాంటిది ఇక్కడా ఉంది. పరికరాల కోసం అమ్మే విండోస్ 10 ఐఓటీ ఎంటర్‌ప్రైజ్ ఎల్‌టీఎస్‌సీ 2021కి ప్యాచ్‌లు 2032 జనవరి 13 దాకా వస్తాయి.