నృత్య పునరుజ్జీవనము - సాలూరు కొండసీమ

పదునైదవ శతాబ్దమున ఇటలీయందు ప్రాచీన గ్రంథములు, శిల్పములు ఆధారముగా కళలు నూతన జీవము నొందినవి. దొమెనికో ద పియాచెంజా నృత్యమునకు లక్షణగ్రంథము రచించినదియు ఆ శతాబ్దముననే. అంతకు దాదాపు రెండువందల యేండ్లకు పూర్వము, 1253-54 ప్రాంతమున, కాకతి గణపతిదేవుని గజసాహిణియైన జాయప సేనాని సంస్కృతమున నృత్తరత్నావళిని రచించెను. అందు మొదటి నాలుగధ్యాయములు మార్గమును, తక్కిన నాలుగు దేశిని నిరూపించును. ఈ గ్రంథమును, 1213లో వెలసిన రామప్ప గుడి శిల్పములను సమన్వయించి నటరాజ రామకృష్ణ (1923-2011) పేరిణిని పునరుద్ధరించిరి. ఆంధ్రదేశమున పునరుజ్జీవనమన దగినది ఇట్టిదియే.

ఇక సాలూరుకు ఎగువనుండి అరకు వఱకు వ్యాపించిన కొండసీమలోని థింసా సంగతి వేఱు. స్త్రీలు చేతులు వెనుకకు పెనవేసికొని వరుసగా నిలిచి, డప్పు, తుడుము, మోరి, కిరిడి వాద్యముల లయకు అడుగు కలుపుదురు. దీనికి లక్షణగ్రంథము లేదు. దేవాలయ శిల్పముల సాక్ష్యమును లేదు. తల్లుల యడుగులు చూచి కూతుండ్రు నేర్చుటయే దీని శాస్త్రము. ఇది అంతరించి మరల పుట్టినది కాదు గనుక పునరుజ్జీవనమను మాట దీనికి పొసగదు. కాని ఆ పరంపర యొకసారి తెగినచో తిరిగి కూర్చుటకు ఆధారమే యుండదు.

జాయప తన కాలపు దేశినృత్యములను గ్రంథస్థము చేయుటచేతనే పేరిణి మనకు దక్కినది. ఆట సాగుచుండగనే దానిని లిఖించియుంచుట ఈ కొండలలో నేటి పరిశోధకుని ప్రథమ కర్తవ్యము.